పాత కారు మొరాయించినప్పుడు

గ్రామమున ఒక పాత కారు ఉన్నచో, అది యజమాని ఒక్కనికే చెందినదని ఎవ్వరును తలంపరు. అర్ధరాత్రి కాన్పు నొప్పులు వచ్చిన ఇల్లాలికిని, పొలములో పాము కరచిన కూలీకిని పట్టణపు ఆసుపత్రికి దారి ఆ కారే. 2005వ సంవత్సరము ఆగస్టు 15న నాటి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశమున 108 అంబులెన్సు సేవ ఆరంభమైన పిదప ఈ భారము చాలవరకు తగ్గినది. అయినను ఆ వాహనము వేరొక పిలుపుపై దూరమున ఉన్నప్పుడు జనులు తలుపు తట్టునది కారు ఉన్న ఇంటినే. ఆ వెంటనే కబురు పోవునది పంచాయతీ సభ్యునికే.

అట్టి వేళ కారు కదలనిచో కలుగు నష్టము ధనముతో కొలువరానిది. ధన నష్టము మరియొకటి కలదు. కారణము తెలియకముందే ఒకదాని తరువాత ఒకటిగా సామానులు మార్చుట పలుచోట్ల పరిపాటి అయినది. తీగె కొనకు పట్టిన చిలుమును గోకినంతనే తీరిపోవు లోపమునకు కొత్త బ్యాటరీ కొనువారు కలరు. ముందు పరీక్ష, పిదప మార్పు అను సూత్రమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఏ కారును గూర్చి?

ఉదాహరణకు అంబాసిడర్ కారును తీసికొందము. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును అనుసరించి, హిందుస్తాన్ మోటార్సువారు పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో 1950వ దశకము చివర దీని తయారీని ప్రారంభించి, 2014లో నిలిపివేసిరి. కార్బురేటరు గల పాత పెట్రోలు అంబాసిడరును దృష్టియందుంచుకొని వ్రాయుచున్నాము. అట్టి అమరిక గల ఇతర పాత కారులకును ఇందలి విషయములు పెక్కు వర్తించును. డీజిలు కారులకును, ఎలక్ట్రానిక్ ఇంజెక్షను గల కారులకును ఇంజనుకు సంబంధించిన పరీక్షలు వేరు.

పంచాయతీ పేరిట గల వాహనముల సంగతి కూడ వేరు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారము 15 ఏండ్లు నిండిన ప్రభుత్వ, పురపాలక, పంచాయతీ వాహనముల రిజిస్ట్రేషను చెల్లదు. సొంత కారులకు మాత్రము 15 ఏండ్ల పిదప తనిఖీ చేయించి, ఐదేండ్లకొకసారి పునరుద్ధరించుకొను వీలు కలదు. కావున ఇచట చెప్పునది గ్రామస్థుల సొంత కారులను గూర్చియే.

సెల్ఫ్ తిరుగనప్పుడు

తాళము త్రిప్పినను సెల్ఫ్ మోటారు తిరుగనిచో మొదట హెడ్‌లైట్లు వేసి చూడవలెను. దీపములు మసకగా ఉన్నను, సెల్ఫ్ వేసినంతనే ఆరిపోవుచున్నను, లోపము బ్యాటరీలోనో దాని తీగెల కొనలలోనో ఉండును. దీపములు కాంతి తగ్గక వెలుగుచు సెల్ఫ్ మాత్రము కదలనిచో, సెల్ఫ్ స్విచ్చినో మోటారునో అనుమానింపవలెను.

బ్యాటరీ కొనలపై తెల్లగా, పచ్చగా పేరుకొను చిలుము విద్యుత్తును అడ్డగించును. ముందు బాడీకి బిగించిన ఎర్తు తీగెను, పిదప రెండవ తీగెను ఊడదీయవలెను. వంటసోడా కలిపిన నీటితో కొనలను కడిగి, ఆరబెట్టి, గోకి, బిగించి, పైన వ్యాజ్‌లైను పూయవలెను. సోడా నీరు బ్యాటరీ లోపల పడరాదు. తిరిగి బిగించునప్పుడు ఎర్తు తీగె కడపటిది. ఇంజను వద్ద గల ఎర్తు పట్టీని కూడ చూడవలెను. అది తెగినచో బ్యాటరీ ఎంత మంచిదైనను ఫలము లేదు.

నిండుగా ఛార్జి అయి, కొంతసేపు వాడక ఉంచిన 12 వోల్టుల బ్యాటరీ మీటరుపై సుమారు 12.6 వోల్టులు చూపును. 12 వోల్టులకు దిగినచో దాదాపు ఖాళీ అయినదని గ్రహింపవలెను. గదులలో నీరు తగ్గినచో డిస్టిల్డు వాటరే పోయవలెను గాని, బావినీరు పనికిరాదు. ఛార్జి అగునప్పుడు బ్యాటరీనుండి మండు స్వభావము గల హైడ్రోజను వెలువడును. దాని దరిని బీడీగాని దీపముగాని ఉండరాదు.

సెల్ఫ్ తిరిగినను ఇంజను అందుకొననప్పుడు

పెట్రోలు ఇంజనుకు కావలసినవి మూడు: తగిన వేళకు నిప్పురవ్వ, తగినంత పెట్రోలు, తగినంత గాలి. ఏది లోపించినదో ఒక్కొక్కటిగా తేల్చుకొనవలెను.

మొదట నిప్పురవ్వ. ఒక ప్లగ్గును ఊడదీసి, తీగెకు తగిలించి, దాని లోహభాగము ఇంజనుకు ఆనునట్లు ఉంచి, మరియొకరిచే సెల్ఫ్ వేయింపవలెను. చేతితో ప్లగ్గును పట్టుకొనరాదు. దరిని పెట్రోలు ఒలికి ఉండరాదు. నీలిరంగు రవ్వ చిటపటలాడుచు వచ్చినచో ఈ భాగము బాగున్నట్లే. రవ్వ పసుపు రంగుగా, బలహీనముగా ఉన్నను, అసలే రాకున్నను, డిస్ట్రిబ్యూటరు మూత తీసి చూడవలెను. వానకాలమున మూత లోపల చెమ్మ చేరుట సాధారణము. పొడిగుడ్డతో తుడిచినంతనే కారు బయలుదేరవచ్చును. మూతలో సన్నని పగులు ఉన్నచో దానిని మార్పవలెను.

మూత క్రిందనున్న పాయింట్లు మాడి నల్లబడినచో సన్నని గరుకు కాగితముతో శుభ్రపరచి, ఎడమును సుమారు 0.4 మిల్లీమీటరుకు సరిచేయవలెను. అవి మాటిమాటికి మాడుచున్నచో కండెన్సరును అనుమానింపవలెను. ప్లగ్గు ఎడము సుమారు 0.6 మిల్లీమీటరు ఉండవలెను. ప్లగ్గు కొన లేత గోధుమ రంగున ఉన్నచో ఇంజను ఆరోగ్యముగా ఉన్నదని అర్థము. పొడిమసి ఉన్నచో పెట్రోలు ఎక్కువగా పోవుచున్నది. నూనెతో తడిసియున్నచో రింగులో, వాల్వు గైడులో అరిగినవి. ప్లగ్గు తీగెలను ఊడదీయుటకు ముందు గుర్తులు పెట్టుకొనవలెను. ఈ ఇంజను మండు క్రమము 1, 3, 4, 2.

రవ్వ బాగున్నచో పిదప పెట్రోలు. మీటరు ముల్లును నమ్మక ట్యాంకులో పెట్రోలు ఉన్నదో లేదో ముందు చూడవలెను. ఫిల్టరులో మడ్డి చేరినను, పంపు డయాఫ్రము చినిగినను, కార్బురేటరు జెట్టులో నలక అడ్డుపడినను పెట్రోలు అందదు. ఎండకాలమున బరువుతో ఎక్కుడు దారిన పోయిన కారు ఆగిపోయినచో, వేడికి పెట్రోలు గొట్టములోనే ఆవిరియై ఉండవచ్చును. ఇంజనును చల్లారనిచ్చి, పంపుపై తడిగుడ్డ వేసినచో తిరిగి నడచును. గాలి ఫిల్టరు దుమ్ముతో మూసికొనిపోయినచో ఇంజను పొగ చిమ్ముచు శక్తిని కోల్పోవును.

నేటి పెట్రోలును గూర్చి ఒక్క మాట. 2025 నాటికి దేశమందంతటను 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు వాడుకలోనికి వచ్చినది. పాత కారుల రబ్బరు గొట్టములు, వాషర్లు దీనికై చేయబడినవి కావు. అవి మెత్తబడి, పగిలి కారవచ్చును. ఇథనాలు చెమ్మను కూడ పీల్చును. గొట్టములను ఇథనాలుకు తట్టుకొను రకమునకు మార్చి, ట్యాంకులో పెట్రోలును నెలల తరబడి నిలువ ఉంచకుండుట మంచిది. పెట్రోలు వాసన వచ్చుచున్న కారును, కారణము తెలియువరకు నడుపరాదు.

దారిలో ఎర్రదీపము వెలిగినప్పుడు

ఇంజను నడచుచుండగా ఛార్జి దీపము వెలిగినచో మొదట ఫ్యాను బెల్టును చూడవలెను. వ్రేలితో నొక్కినచో అది సుమారు ఒక సెంటీమీటరు లోనికి పోవలెను. అంతకు మించినచో వదులు. బెల్టు సరిగానున్నచో, ఇంజనును కొంత వేగముగా నడిపి బ్యాటరీ కొనల వద్ద వోల్టేజి కొలువవలెను. సుమారు 14 వోల్టులు ఉండవలెను. లేనిచో డైనమో బ్రష్షులనో, రెగ్యులేటరునో మెకానిక్కుచే పరీక్షింపజేయవలెను. ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగెను ఊడదీసి చూచుట చెడ్డ అలవాటు.

ఆయిలు ప్రెషరు దీపము వెలిగినచో మాత్రము తక్షణమే ఇంజను ఆపవలెను. ఒక్క మైలు నడిపినను బేరింగులు చెడిపోవచ్చును.

ఇంజను కాగినప్పుడు రేడియేటరు మూతను వెంటనే తీయరాదు. పీడనముతో ఎగజిమ్ము వేడినీరు ముఖమును కాల్చివేయును. కాగిన ఇంజనులో చన్నీరు పోసినచో లోహము పగులవచ్చును. చల్లారిన పిదప నీరు నింపి, గొట్టములు, బెల్టు, థర్మోస్టాటు చూడవలెను. నీరు మాటిమాటికి తగ్గుచు, ఇంజను ఆయిలు పాలు కలిసినట్లు తెల్లబారినచో హెడ్ గ్యాస్కెట్టు పోయినదని అనుమానింపవలెను.

దీపములు ఆరిపోయినచో ఫ్యూజును చూడవలెను. ఫ్యూజునకు బదులు రాగితీగె చుట్టుట కారుకు నిప్పు పెట్టుటతో సమానము. ఫ్యూజు పోవుట లోపము కాదు, ఎక్కడనో లోపము ఉన్నదను హెచ్చరిక.

బ్రేకుల విషయమున రాజీ లేదు

ఇంజను చెడినచో కారు నిలిచిపోవును. బ్రేకు చెడినచో కారు నిలువదు. పాత నమూనాలలో నాలుగు చక్రముల బ్రేకులకును ఒకే నూనె మార్గము ఉండుటవలన, ఒక్క చక్రము వద్ద కారినను నాలుగు బ్రేకులును పోవచ్చును. పెడలు మెత్తగా అణగుచున్నచో మార్గములో గాలి చేరినది. నిదానముగా క్రిందికి దిగిపోవుచున్నచో ఎక్కడనో కారుచున్నది, లేదా మాస్టరు సిలిండరు లోపల అరిగినది. కారు ఒక ప్రక్కకు లాగుచున్నచో ఒక చక్రమున బ్రేకు పట్టుటలేదు. బ్రేకు ఆయిలుకు మారుగా ఇంజను ఆయిలు పోసినచో రబ్బరులు ఉబ్బి పాడగును. బ్రేకు ఆయిలు చెమ్మను పీల్చును గనుక రెండేండ్లకొకసారి మార్పించుట మేలు. ఈ పనులను తెలిసిన మెకానిక్కుచేతనే చేయింపవలెను. బ్రేకు సరిగాలేని కారులో రోగిని ఎక్కించుట ఒక ఆపదనుండి మరియొక ఆపదకు తీసికొనిపోవుటయే.

సభ్యులు చేయదగినది

గ్రామమునందు అత్యవసరమునకు పిలువదగిన కారులు ఏవో సభ్యులకు తెలిసియుండవలెను. వాని రిజిస్ట్రేషను, బీమా, కాలుష్య ధ్రువపత్రము చెల్లుబాటులో ఉంచుకొనుమని యజమానులకు చెప్పవలెను. వారమున కొకనాడు ఆయిలు, నీరు, బ్యాటరీ, బ్రేకు ఆయిలు, స్టెప్నీ గాలి చూచి, కారును కొంతదూరము నడుపుమని కోరవలెను. మూసిన పాకలో ఇంజను నడుపుట ప్రాణాంతకమని కూడ హెచ్చరింపవలెను. పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషము.

యజమాని యొద్ద ఒక చిన్న పుస్తకము ఉండుట అవసరము. ఏ దినమున ఏ లోపము కనబడినది, ఏ పరీక్ష చేసిరి, ఏమి మార్చిరి, ఎంత వ్యయమైనది అను వివరములు అందు వ్రాసినచో, రెండవమారు అదే లోపము వచ్చినప్పుడు వెదకులాట తగ్గును. ఒక మీటరు, ప్లగ్గు స్పానరు, ఎడము కొలుచు రేకులు, బ్యాటరీ దీపము, ఒక బెల్టు, కొన్ని ఫ్యూజులు కారులో ఉన్నచో చిన్న లోపములను పెక్కింటిని ఊరిలోనే సరిచేసికొనవచ్చును. ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్కు విద్య నేర్చిన యువకుడు గ్రామమున ఉన్నచో, ఈ తనిఖీని అతనికి అప్పగించి తగిన ప్రతిఫలము ఇప్పించుట ఉభయులకు మేలు. తలుపు తట్టిన రాత్రి పరీక్షకు వేళ ఉండదు. ఆ పరీక్ష పగటివేళ, తీరికగా, ముందే జరిగియుండవలెను.