పదమూడు కాదు... పది ముక్కలాట!

పేక ముక్కలు కనిపిస్తే చాలు, పెద్దవాళ్ల కనుబొమలు ముడిపడతాయి. మరి ఆ ముక్కల మీద రాజూ రాణీ బదులు బ్యాట్‌మ్యానూ సూపర్‌మ్యానూ ఉంటే?

‘ఏటర్రా అది... పేకాటా?’

సెలవుల్లో పిల్లలు నలుగురూ అరుగు మీద గుండ్రంగా కూర్చుని ముక్కలు పంచుకుంటుంటే, సబ్బవరం వైపు ఏ ఇంట్లోనైనా తాతయ్య నోట వచ్చే మొదటి మాట ఇదే. ఆయన్ని తప్పుపట్టలేం. పేక అనగానే మన ఊళ్లలో గుర్తొచ్చేది తోటల్లో చాటుగా చేరే గుంపు, ఇంటికి చేరని జీతం, పోలీసుల దాడులు.

ఇంతకీ తప్పు ముక్కలదా, పందేనిదా? సబ్బవరంలోనే దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. న్యాయశాస్త్రం చదివేవాళ్లకు ఈ ప్రశ్న కొత్తకాదు. సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిపై పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీ మూడు ముక్కలాటలాంటిది కాదనీ, పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలనీ, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలనీ, అందుకే అందులో నేర్పుదే పైచేయి అనీ 1967లో కోర్టు చెప్పింది. నేర్పు సంగతి సరే... దానికి డబ్బు తోడైతేనే చిక్కు. పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో నిషేధించింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటికీ అడ్డుకట్ట వేస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది.

పైసా పెట్టకుండా ఆ నేర్పు మాత్రమే కావాలంటే? అలాంటివారి కోసమే ‘డెక్ బిల్డింగ్’ ఆటలు. అంటే, ఆడుతూ ఆడుతూ ఎవరి పేకను వాళ్లే తయారు చేసుకోవడం అన్నమాట. 2008లో డోనల్డ్ వాకరీనో రూపొందించిన ‘డొమీనియన్’తో ఈ తరహాకు ఊపొచ్చింది. మరుసటి ఏడాదే జర్మనీలో ఉత్తమ ఆట పురస్కారం అందుకుంది. ఆ బాటలోనే 2012లో డీసీ కామిక్స్ హీరోలతో ఓ డెక్ బిల్డింగ్ ఆట వచ్చింది. ఈ కుటుంబంలో ఇదే కాస్త తేలికైనది. ఇద్దరి నుంచి అయిదుగురి దాకా ఆడొచ్చు.

మొదట్లో అందరూ పేదవాళ్లే! ఒక్కొక్కరికీ పది ముక్కలు. వాటిలో ఏడు ‘పంచ్’లు, ఒక్కోదానికి ఒక్కో పాయింటు బలం. మిగతా మూడూ ఎందుకూ కొరగానివి. వంతుకి అయిదు ముక్కలు ఎత్తాలి. బల్ల మధ్యలో అయిదు కార్డులు వరసగా పరిచి ఉంటాయి... హీరోలు, విలన్లు, ఆయుధాలు, అతీత శక్తులు. చేతిలో ఉన్న బలం లెక్కచూసుకుని వాటిలో కావాల్సింది కొనుక్కోవాలి. అయితే కొన్నది వెంటనే చేతికి రాదు. వాడేసిన ముక్కల కుప్పలో చేరుతుంది. పేక అయిపోయాక ఆ కుప్పను కలిపి మళ్లీ ఎత్తుతున్నప్పుడు ఎప్పుడో తగులుతుంది. చెరకు ముక్క నాటిన రోజే బెల్లం రాదు కదా!

అసలు మజా అక్కడే ఉంది. మూడు వంతుల క్రితం కొని మరిచిపోయిన కార్డు సరిగ్గా కావాల్సినప్పుడు చేతికొస్తే పదేళ్ల పిల్లాడైనా అరుగు దిగి గంతేస్తాడు. రమ్మీలోలా ముక్క కోసం కళ్లు కాయలు కాసేలా చూడక్కర్లేదు. చేతిలోని అయిదూ ఆ వంతులోనే ఆడేసి, మళ్లీ అయిదు తీసుకోవడమే. ఒక్కొక్కరికీ ఒక హీరో వరం కూడా ఉంటుంది. బ్యాట్‌మ్యాన్‌కు ఆడిన ప్రతి పరికరానికీ ఒక పాయింటు బలం అదనం. సూపర్‌మ్యాన్‌కు ఆడిన ఒక్కో రకం శక్తికీ అంతే. ఇక మహా విలన్‌ను ఒకడిని పడగొడితే, తర్వాతివాడు వస్తూనే అందరికీ తలో దెబ్బ వేస్తాడు. వాళ్ల వరస పూర్తయితే ఆట ముగిసినట్టే. అప్పుడు ఎవరి పేకలో పాయింట్లు ఎక్కువుంటే వాళ్లే విజేత.

కథ ఉందా అంటే... పెద్దగా లేదు. సూపర్‌మ్యాన్ బ్యాట్‌మొబైల్ ఎక్కేస్తాడు, నిన్న తన్నిన విలన్ నేడు మనవైపే కొట్లాడతాడు. కాస్త బుర్రకు పదును కోరుకునేవాళ్లకు ఇది చప్పగానే ఉంటుంది. కార్డుల నిండా ఇంగ్లిషే కాబట్టి చిన్నపిల్లలకు పక్కన ఒకరు చదివి చెప్పాలి. అయిదుగురు ఆడితే వంతు వచ్చేసరికి ఆవలింతలూ తప్పవు.

వీరుల్ని ముక్కల మీదకెక్కించడం మనకేమీ కొత్తకాదు. దశావతార గంజీఫా అలాంటిదే. అవతారానికి 12 చొప్పున 120 గుండ్రటి కార్డులు. పగలైతే రాముడు, రాత్రయితే కృష్ణుడు ఆట మొదలుపెట్టాలి. మహారాష్ట్రలోని సావంత్‌వాడిలో ఇప్పటికీ వాటిని చేత్తో చిత్రిస్తారు.

పెట్టె కొనలేకపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. బీరువా మీద పేరుకున్న పాత శుభలేఖల్ని ఒకే కొలతలో కత్తిరించి, స్కెచ్ పెన్నులతో హనుమంతుడినీ భీముడినీ గీసుకుంటే సరి. గద ఒక ఆయుధం, లంఘనం ఒక శక్తి. ఒక్కటే ఇబ్బంది... ఘటోత్కచుణ్ణి హీరోల్లో చేర్చాలా, విలన్లలోనా అన్న దగ్గర తగువు ఖాయం. అది తేల్చడానికి మళ్లీ తాతయ్యనే పిలవాలి!