గోదావరి డెల్టాలో పెంపుడు కుక్కల పోషణ, శిక్షణ, సంరక్షణ

గోదావరి డెల్టాలో కుక్కల పెంపకం చాలాకాలం పాటు కాపలా అవసరానికే పరిమితమై ఉండేది. కొబ్బరి తోటకు, చేపల చెరువుకు, కళ్ళంలోని ధాన్యపు రాశికి కావలిగా నాటు కుక్కను ఉంచి, ఇంట్లో మిగిలిన అన్నం పెట్టేవారు. నేడు రాజమహేంద్రవరం నగరంలోని అపార్టుమెంట్లలోను, చుట్టుపక్కల గ్రామాల్లోని డాబా ఇళ్ళలోను లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పగ్ జాతుల కుక్కలు కుటుంబ సభ్యులుగా పెరుగుతున్నాయి. పాడి పశువుల గురించి సలహా అడిగే రైతు అదే సందర్భంలో తన కుక్క గురించి కూడా అడగడం విస్తరణ శాస్త్రవేత్తలకు అనుభవమే. పుస్తకాల్లో లభించే సమాచారంలో అధిక భాగం శీతల దేశాల పరిస్థితులకు ఉద్దేశించినది కాగా, ఉక్కపోత, వరి పొలాలు, నర్సరీలు, ఏటా వచ్చే వరద నీరు గల ఈ ప్రాంతంలో కుక్కకు ఎదురయ్యే ప్రమాదాలు కొంత భిన్నమైనవి.

కుక్కపిల్లను కొనేవారు, దత్తత తీసుకునేవారు ముందుగా ఈ వాతావరణాన్ని గమనించాలి. మంచు ప్రదేశాలకు చెందిన, దట్టమైన బొచ్చుగల హస్కీ వంటి జాతిని ఇక్కడ పెంచడం ఆ జంతువును నిత్యం బాధపెట్టడమే. స్థానిక నాటు కుక్క ఈ ఎండకు, తేమకు అలవాటుపడినది. సరైన టీకాలు, ఆహారం అందిస్తే కాపలాకు, తోడుకు అది ఏ విదేశీ జాతికీ తీసిపోదు. ఎనిమిది వారాల వయసు నిండని పిల్లలను విక్రయించరాదని 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. అంతకు ముందే తల్లి నుండి వేరుచేసిన పిల్లల్లో భయం, కరిచే స్వభావం అధికంగా కనిపిస్తాయి.

పెరుగన్నంతో వచ్చే లోపం

డెల్టా ఇళ్ళలో కుక్కకు పెట్టే ప్రధాన ఆహారం అన్నం. కుక్క అన్నాన్ని చక్కగా జీర్ణం చేసుకోగలదు కనుక అన్నం పెట్టడం తప్పు కాదు. అన్నం, పెరుగు మాత్రమే పెట్టడం వల్లనే ఇబ్బంది కలుగుతుంది. దీనిని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు.

కుక్కకు విశ్రాంతి స్థితిలో అవసరమయ్యే శక్తిని లెక్కించడానికి శరీర బరువును 0.75 ఘాతానికి హెచ్చించి 70తో గుణిస్తారు. 10 కిలోల కుక్కకు ఇది సుమారు 394 కిలో కేలరీలు. శస్త్రచికిత్స చేయించిన వయోజన కుక్కకు దీనికి 1.6 రెట్లు, అనగా రోజుకు సుమారు 630 కిలో కేలరీలు అవసరం. వయోజన కుక్క ఆహారంలో ప్రతి 1000 కిలో కేలరీలకు కనీసం 45 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని అమెరికాకు చెందిన ఆఫ్కో ప్రమాణాలు సూచిస్తున్నాయి. ఆ ప్రకారం ఈ కుక్కకు రోజుకు 28 గ్రాములు కావాలి. 400 గ్రాముల వండిన అన్నం, 200 గ్రాముల పెరుగు పెడితే శక్తి సుమారు 640 కిలో కేలరీలు లభిస్తుంది. మాంసకృత్తులు మాత్రం 17 లేక 18 గ్రాములకు మించవు. కుక్క కడుపు నిండుతుంది, బరువు కూడా పెరుగుతుంది. కాని బొచ్చు పలుచబడి, చర్మం పొడిబారి, కండరాలు క్షీణిస్తాయి. యజమాని దీనిని చర్మవ్యాధిగా భావించి మందుల కోసం తిరుగుతాడు.

అదే కుక్కకు 250 గ్రాముల అన్నం, 100 గ్రాముల ఎముకలు లేని ఉడికించిన కోడిమాంసం, 100 గ్రాముల పెరుగు, ఒక చిన్న చెంచా నూనె, కొద్దిగా ఉడికించిన గుమ్మడి లేదా క్యారెట్ కలిపి పెడితే దాదాపు అంతే శక్తితో 40 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. మాంసం వండని ఇళ్ళలో రెండు ఉడికించిన గుడ్లు, ఒక చిన్న గిన్నెడు ముద్దపప్పు, పెరుగు కలిపితే కనీస అవసరం తీరుతుంది. గుడ్డు కూడా ఇష్టపడని కుటుంబాలు సమతుల దాణాను ఆశ్రయించడం మేలు. పప్పుకు తాలింపు వేయక ముందే కుక్క వాటాను తీసి పక్కన ఉంచాలి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను నాశనం చేసి రక్తహీనత కలిగిస్తాయి. కూర వండిన గిన్నెలో అన్నం కలిపి పెట్టే అలవాటు ఈ కారణం చేతనే హానికరం. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వాడే జైలిటాల్ కూడా విషతుల్యమే. ఉడికిన కోడి ఎముకలు చీలికలై పేగులకు గుచ్చుకుంటాయి. చేప పెట్టదలచినవారు ముళ్ళు పూర్తిగా తీసి, ఉడికించి పెట్టాలి. పులసను ఎంత ప్రేమతో పెట్టినా దాని ముళ్ళను మనిషే ఏరలేడన్న సంగతి మరువరాదు.

మాంసం, అన్నం గల ఇంటి ఆహారంలో సున్నం, అనగా కాల్షియం, తక్కువగా ఉంటుంది. 10 కిలోల వయోజన కుక్కకు శుభ్రపరచి మెత్తగా పొడిచేసిన గుడ్డు పెంకు సుమారు అర చిన్న చెంచా చాలు. ఇంటి ఆహారం మాత్రమే తినే కుక్కకు ఇతర ఖనిజాలు, విటమిన్ల కొరత గురించి కూడా పశువైద్యుని సంప్రదించాలి. పెద్ద జాతుల పిల్లల విషయంలో దీనికి పూర్తిగా విరుద్ధమైన పొరపాటు జరుగుతోంది. సమతుల పిల్లల దాణా తినే జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ పిల్లలకు, కాళ్ళు గట్టిపడతాయన్న నమ్మకంతో కాల్షియం సిరప్‌ను అదనంగా తాగిస్తున్నారు. ఆ వయసులో అధిక కాల్షియంను శరీరం నియంత్రించుకోలేదు. ఫలితంగా ఎముకలు వంకరపోతాయి.

మూడు నెలల లోపు పిల్లకు రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల వరకు మూడుసార్లు, ఆపై రెండుసార్లు ఆహారం ఇవ్వాలి. పాలు పడక విరేచనాలయ్యే కుక్కకు పెరుగు ఇవ్వవచ్చు. పక్కటెముకలు కంటికి కనబడకుండా, చేతితో తడిమితే సులభంగా తగలడం సరైన బరువుకు గుర్తు. లాబ్రడార్ యజమానులు ఈ పరీక్షను నెలకొకసారి చేసుకోవడం అవసరం.

రోహిణి కార్తెలో

మే నెలలో రాజమహేంద్రవరంలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సాధారణం. కుక్క శరీర సాధారణ ఉష్ణోగ్రత 38.3 నుండి 39.2 డిగ్రీలు. దానికి చెమట అరికాళ్ళలో మాత్రమే కొద్దిగా పడుతుంది. రొప్పడం ద్వారా నాలుక, శ్వాసనాళాల నుండి తేమను ఆవిరి చేసి శరీరాన్ని చల్లబరచుకుంటుంది. గాలిలో తేమ అధికంగా ఉన్నప్పుడు ఈ ఆవిరి జరగదు కనుక, ఉక్కగా ఉన్న రోజు పొడి ఎండ కంటె ప్రమాదకరం కాగలదు. ముక్కు చప్పిడిగా ఉండే పగ్, బుల్‌డాగ్ జాతులకు ఈ ముప్పు మరింత ఎక్కువ.

వ్యాయామం సూర్యోదయానికి ముందు, లేదా రాత్రి నేల చల్లారిన తరువాత చేయించాలి. రోడ్డుపై అరచేయి వెనుక భాగాన్ని ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలు కూడా ఆ వేడిని భరించలేవని గ్రహించాలి. ఆగకుండా రొప్పడం, చొంగ కారడం, చిగుళ్ళు ఎర్రబడటం, తూలడం వడదెబ్బకు లక్షణాలు. వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీరు పోస్తూ, ఫ్యాను గాలి తగిలేలా చేసి, అదే స్థితిలో ఆసుపత్రికి తరలించాలి. స్పృహ లేని కుక్క నోట్లో నీరు పోయరాదు.

గోమార్లు: గోడలపై ఉన్న శత్రువు

తేమ గల ఈ ప్రాంతంలో కుక్కలను అధికంగా బాధించేవి గోమార్లు, అనగా పిడుదులు. గోధుమ రంగు కుక్క పిడుదు తన జీవితంలోని ప్రతి దశలోను రక్తం తాగి, కుక్క ఒంటి నుండి దిగిపోయి, గోడ పగుళ్ళలోను, కుక్క గూటి సందుల్లోను దాగుతుంది. రక్తంతో ఉబ్బిన ఒక ఆడ పిడుదు వేల సంఖ్యలో గుడ్లు పెట్టగలదు. అందువల్ల ఒంటిపై కనిపించే వాటిని ఏరివేయడంతో సమస్య తీరదు. కుక్క పడుకునే స్థలంలో పగుళ్ళను సిమెంటుతో పూడ్చడం, గూటిని ఎండబెట్టడం, ఇంట్లోని కుక్కలన్నింటికీ ఒకేసారి మందు వాడటం తప్పనిసరి.

పొలానికి వాడే పురుగుమందును నీటిలో కలిపి కుక్కకు పూయడం గ్రామాల్లో ఇప్పటికీ కనిపించే ప్రమాదకరమైన అలవాటు. కుక్క తన ఒంటిని నాకడం వల్ల ఆ విషం నేరుగా లోపలికి చేరుతుంది. చొంగ, వణుకు, మూర్ఛ కలిగి కొద్ది గంటల్లోనే మరణించవచ్చు. కుక్కల కోసమే తయారైన చుక్కల మందులు, మాత్రలు అందుబాటులో ఉన్నాయి. వాటిని బరువును బట్టి పశువైద్యుడు సూచించాలి.

పిడుదుల ద్వారా ఎర్లీకియా, బబీసియా వ్యాధులు సోకుతాయి. మొదటి దానిలో జ్వరం, ఆకలి లేకపోవడం, పొట్టపై ఎర్రని చుక్కలు, ముక్కు నుండి రక్తం కనిపించవచ్చు. రెండవ దానిలో మూత్రం కాఫీ రంగులోకి మారవచ్చు. ఈ రెండింటికి మందులు వేరు కనుక రక్త పరీక్ష లేకుండా చికిత్స ప్రారంభించడం సరికాదు.

పొలం, నర్సరీల్లో పొంచి ఉన్న విషాలు

వరి పండే గ్రామాల్లో సామూహిక ఎలుకల నిర్మూలన అవసరమైన కార్యక్రమమే. అయితే 96 పాళ్ళ నూకలు, 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ మందు కలిపిన ఎర ఎలుకకు ఎంత రుచికరమో కుక్కకూ అంతే. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువును విడుదల చేస్తుంది. దీనికి విరుగుడు లేదు. తిన్న ఆహారం ఆమ్లాన్ని పెంచుతుంది కనుక, ఎర తిన్న కుక్కకు అన్నం పెట్టి ఆసుపత్రికి తేవడం మరింత కీడు చేస్తుంది. వాంతి నుండి వెలువడే వాయువు మనుషులకూ ప్రమాదకరం కావడంతో, అటువంటి కుక్కను గాలి ఆడే చోటనే పరీక్షించాలి.

బ్రోమోడయోలోన్ ప్రభావం నెమ్మదిగా బయటపడుతుంది. రెండు నుండి ఐదు రోజుల తరువాత చిగుళ్ళ నుండి రక్తం, నల్లని విరేచనం, ఆయాసం కనిపిస్తాయి. అప్పటికి ఎర సంగతి యజమానికి గుర్తుండదు. దీనికి విటమిన్ కె1 మంచి విరుగుడు, కాని దానిని కొన్ని వారాల పాటు కొనసాగించాలి. మందు తిని చచ్చిన ఎలుకను తిన్న కుక్కకు కూడా ఈ విషం సోకవచ్చు. ఎరను బొరియల లోపలే ఉంచి మూసివేయడం, చచ్చిన ఎలుకలను ఏరి పాతిపెట్టడం, ఎర పెట్టే తేదీని ముందే చాటింపు వేసి కుక్కలను కట్టివేయించడం కార్యక్రమ నిర్వాహకుల బాధ్యతలో భాగం కావాలి. వ్యవసాయ, పశుసంవర్ధక శాఖల సిబ్బంది కలిసి చేయదగిన పని ఇది.

కడియం నర్సరీల నుండి ఇళ్ళకు చేరే మొక్కల్లో సైకస్ ఒకటి. దీని గింజలు అత్యంత విషపూరితం, ఇతర భాగాలూ హానికరమే. తిన్న కుక్కకు మొదట వాంతులు, రెండు మూడు రోజులకు కాలేయ వైఫల్యం కలుగుతాయి. గన్నేరు గుండెను దెబ్బతీస్తుంది. కుండీలకు ఎరువుగా వేసే ఆముదపు చెక్కలో రైసిన్ అనే విషం ఉండవచ్చు. దానికి ఎముకల పొడి కలిపితే వాసనకు ఆకర్షితమై కుక్క మట్టి తవ్వి మరీ తింటుంది. మేడపై తోట, కుక్క రెండూ ఉన్న ఇంట్లో వేపపిండి వాడటం క్షేమం. నత్తల నివారణకు చల్లే మెటాల్డిహైడ్ గుళికలు కుక్కల్లో తీవ్రమైన మూర్ఛలు కలిగిస్తాయి.

శిక్షణ

మూడు నుండి పద్నాలుగు వారాల మధ్య వయసు కుక్కపిల్ల మనసు రూపుదిద్దుకునే కాలం. ఈ దశలో పిల్లలు, వృద్ధులు, ఆటోల శబ్దం, ఇతర పశువులు పరిచయమైతే పెద్దయ్యాక వాటికి బెదరదు. టీకాలు పూర్తికాని పిల్లను వీధిలో నేలపై వదలకుండా, ఎత్తుకొని తిప్పడం ద్వారా ఈ పరిచయాలు కల్పించవచ్చు.

ఆజ్ఞ ఏ భాషలోనిదైనా ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. ఒకరు ‘కూర్చో’ అని, మరొకరు ‘సిట్’ అని, తాతగారు ‘ఉండవే’ అని అంటే కుక్క మూడింటినీ పట్టించుకోదు. చెప్పిన పని చేసిన వెంటనే చిన్న తినుబండారమో, మెచ్చుకోలో అందాలి. రోజుకు రెండు మూడుసార్లు, ఐదారు నిమిషాల చొప్పున శిక్షణ చాలు. నిద్ర లేచిన వెంటనే, తిన్న తరువాత, ఆడిన తరువాత బయటకు తీసుకువెళ్తే మలమూత్ర విసర్జన అలవాటు కొద్ది వారాల్లో కుదురుతుంది. ఇంట్లో తడిపిన తరువాత ఎప్పుడో కొట్టడం వల్ల కుక్క నేర్చేది భయం మాత్రమే. పగలంతా గొలుసుతో కట్టి ఉంచితే కాపలా గుణం పెరుగుతుందని భావించేవారు ఉన్నారు. వాస్తవానికి పెరిగేది విచక్షణ లేని కరిచే స్వభావం, దాని బాధితులు చాలావరకు ఆ ఇంటి పిల్లలే.

టీకాలు, నట్టల మందు, రేబిస్

కుక్కపిల్లలకు తల్లి గర్భంలోనే ఏలిక పాములు సంక్రమిస్తాయి కనుక రెండవ వారం నుండే నట్టల మందు ప్రారంభించి, పన్నెండు వారాల వరకు రెండు వారాలకొకసారి, ఆరు నెలల వరకు నెలకొకసారి, ఆపై మూడు నెలలకొకసారి ఇవ్వాలి. ఈ పాముల లార్వాలు పసిపిల్లలకూ సోకగలవు.

పార్వో, డిస్టెంపర్ మొదలైన వ్యాధుల మిశ్రమ టీకాను ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాల వరకు మూడు నాలుగు వారాల వ్యవధితో వేయించాలి. డెల్టాలో లెప్టోస్పైరా టీకాను విడువరాదు. ఎలుకల మూత్రం కలిసిన వరద నీటిలో, వరి చేలల్లో తిరిగే కుక్కకు ఈ వ్యాధి సోకి, దాని మూత్రం ద్వారా యజమానికి చేరే అవకాశం ఉంది.

రేబిస్ టీకాను మూడు నెలల వయసులో వేయించి, పశువైద్యుని సూచన మేరకు బూస్టరు, ఆపై ఏటా కొనసాగించాలి. 1885 జులై 6న లూయీ పాశ్చర్ తొలిసారి ఒక బాలునికి రేబిస్ టీకా ఇచ్చిన రోజు స్మారకంగా ఏటా ప్రపంచ జూనోసిస్ దినం జరుగుతోంది. ఆనాడు పశువైద్యశాలలు ఉచిత టీకా శిబిరాలు నిర్వహిస్తుంటాయి. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 నాటికి నిర్మూలించాలని 2021లో ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక లక్ష్యం. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా అందితేనే వ్యాధి గొలుసు తెగుతుంది కనుక, పెంపుడు కుక్కతో పాటు వీధిలో అన్నం పెట్టే కుక్కకు కూడా టీకా వేయించమని యజమానులను ప్రోత్సహించాలి.

కరిచిన గాయంపై పసుపు, కారం, సున్నం పూయడం ఇంకా మానలేదు. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటిలో పదిహేను నిమిషాలు కడగాలి. ఆ వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి చేరాలి. రక్తం వచ్చిన గాయానికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. కరిచినది టీకా వేసిన పెంపుడు కుక్కే అయినా చికిత్స మొదలుపెట్టి, ఆ కుక్కను చంపకుండా, వదలకుండా పది రోజులు కట్టి ఉంచి గమనించాలి. పది రోజుల తరువాత అది ఆరోగ్యంగా ఉంటే మిగిలిన మోతాదుల విషయం వైద్యుడు నిర్ణయిస్తాడు.