పరిగె ఏరుకునే హక్కు

కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం మక్తల్‌లో మేము, పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన రెండవ పత్రిక మూడవ అధ్యాయం మీద ప్రసంగించాం. పనికి ఇష్టపడనివాడు తిండికి ఆశపడకూడదని అపొస్తలుడు హెచ్చరించిన భాగమది. ఆరాధన ముగియగానే ఒక రైతు సోదరుడు మా చేయి పట్టుకుని, ‘బాగ చెప్పిండ్రు అయ్యగారూ! రూపాయికి కిలో బియ్యమొస్తుంటే నా పత్తి చేనుకు కూలికి ఎవరొస్తరు?’ అన్నాడు. ఆ మెప్పు మాకు తీపిగానే అనిపించింది.

మరుసటి ఆదివారం ఒక సోదరి ఆరాధనకు రాలేదు. ఇంటికి వెళ్లి పలకరించాం. ‘నన్ను సోమరిదన్నరు కద అయ్యగారూ’ అని కన్నీళ్లు పెట్టుకుంది. ఆమె భర్త మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని దూరప్రాంతంలో కాలువ పనికి వెళ్లాడు. అప్పు తీరకముందే ఆరోగ్యం చెడి తిరిగొచ్చాడు. ఇప్పుడు మేస్త్రి ఆమెను రమ్మంటున్నాడు. ‘ఇంట్ల బియ్యం ఉన్నయి గనకనే రానని చెప్పగలిగిన’ అంది. మాకు నోట మాట రాలేదు.

పాలమూరుకు ఈ బాధ కొత్తది కాదు. ఎన్నో రాష్ట్రాల్లో ఆనకట్టలు, కాలువలు పాలమూరు కూలీల చెమటతో లేచాయి. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చినా, అడ్వాన్సు రూపంలో ఆ ముడి చాలా ఇళ్లలో మిగిలింది. 2006లో ఉపాధి హామీ మొదలైన తొలి 200 జిల్లాల్లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. ఆడ, మగ తేడా లేని కూలి రేటు ఆ పథకం ఇచ్చింది. మరీ తక్కువ కూలికి రానని చెప్పే ధైర్యం పేదలకు అలా కొంత కలిగింది.

ఇంటికొచ్చి ఆ వాక్యభాగాన్ని మళ్లీ చదివాం. పౌలు గద్దించింది పని దొరకనివారిని కాదు, చేయలేనివారినీ కాదు. పని మానేసి పరుల జోలికి పోతూ, ఒకరి రొట్టె తింటూ తిరిగేవారిని. మరి రూతు సంగతి? పొలం అంచులు కోయకుండా పేదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని లేవీయకాండం 19వ అధ్యాయం ఆజ్ఞాపించింది. అది ఆసామి వేసిన భిక్షం కాదు, దేవుడిచ్చిన హక్కు. రూతు ఆ పరిగెను పొద్దుటి నుండి సాయంత్రం దాకా నడుము వంచి ఏరుకుంది. బోయజు ఆమెను సోమరి అనలేదు, మరిన్ని పనలు విడవమన్నాడు. బిగబట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబు కూడా రాశాడు.

అయితే పరిగె పేదల కోసమే. ఒంట్లో సత్తువ, చేతిలో న్యాయమైన పని ఉండీ మస్టరులో దొంగ సంతకం పెట్టేవాడు, వయసు దాచి పింఛను తీసుకునేవాడు విధవరాలి గిన్నెలో చేయి పెడుతున్నాడు. అక్కరలో ఉన్నవారికి పంచిపెట్టడానికే కష్టపడాలని ఎఫెసీ పత్రిక నేర్పుతోంది.

తర్వాతి ఆదివారం అదే వేదిక మీద మా తప్పు ఒప్పుకున్నాం. ఆ సోదరి వచ్చింది. రైతు సోదరుడు మాత్రం, ‘పత్తి ధర నా చేతుల లేదు అయ్యగారూ, కూలి ఎట్ల పెంచేది?’ అన్నాడు. అదీ నిజమే. అతనికి సులువైన జవాబు మా దగ్గర లేదు. కానీ పొరుగువాణ్ణి సోమరి అనే ముందు, అతనికి మనం చూపిన పని ఏమిటో, ఇస్తామన్న కూలి ఎంతో దేవుని ఎదుట చెప్పగలమా?