భాగ్యనగరపు మెట్రోరైలు: మన సీమనుండి పోవు సోదరీమణులకు

బందరునుండి గాని, గుడివాడనుండి గాని, దివిసీమ గ్రామములనుండి గాని హైదరాబాదునకు రాకపోకలు లేని కుటుంబము నేడు మనలో అరుదు. కూతురికి పురుడు పోయవలెను. కొడుకునకు క్రొత్తగా ఉద్యోగమైనది. అన్నగారికి ఆపరేషనని కబురు వచ్చినది. ఏదో యొక పనిమీద రాత్రి బస్సెక్కి తెల్లవాఱుసరికి అచ్చట దిగుచున్నాము. దిగినది మొదలు మన కాళ్లకు బంధము పడుచున్నది. ఇచ్చట కోడూరునుండి అవనిగడ్డకును, అవనిగడ్డనుండి బందరునకును ఒంటరిగా పోయి, బ్యాంకుపని, ఆసుపత్రిపని చక్కబెట్టుకొని రాగల యిల్లాలు, అచ్చట నాల్గవ అంతస్తు గదిలో కిటికీయొద్ద కూర్చుండి, అల్లునికి సెలవెప్పుడు దొరకునాయని ఎదురుచూచును. అడుగుటకు మొగమాటము; అడుగకుండ పోవుటకు భయము.

ఈ భయమునకు మందు చాల సులభమైనదని మేమెఱిగినది కొంచెము ఆలస్యముగానే. అందులకై మేము పడిన తడబాటును కూడ దాచక వ్రాయుచున్నాము.

మెట్రోరైలనగా పాతాళమార్గమున చీకటిలో పోవునదని మనవారిలో పలువురు తలంచుచున్నారు. ఆ తలంపునకు కారణము లేకపోలేదు. ఈ రకపు రైళ్లలో మొట్టమొదటిది 1863లో లండను నగరమున భూమిక్రిందనే నడచినది. అదియు బొగ్గుపొగల యావిరి యంత్రముతో. మన దేశమున మొదటిదగు కలకత్తా మెట్రో 1984లో ప్రారంభమైనది, అదియు భూగర్భముననే. కాని హైదరాబాదులోనిది అట్టిది కాదు. వీథులనడుమ స్తంభములు నిలిపి, వానిపై పట్టాలు పఱచినారు. కావున పగటివెలుగులోనే ప్రయాణము. ఊరంతయు క్రింద పటము పఱచినట్లు కన్పట్టును. 2017 నవంబరు 28న ప్రారంభోత్సవము జరిగినది. మూడు మార్గములును కలిపి 69 కిలోమీటర్లు.

ఆ మూడు మార్గములకును రంగులు పేర్లుగా నున్నవి. ఎఱ్ఱ మార్గము ఎల్బీనగరునుండి మియాపురమునకు. నీలి మార్గము నాగోలునుండి రాయదుర్గమునకు. పచ్చ మార్గము జూబిలీ బస్‌స్టేషనునుండి మహాత్మాగాంధీ బస్‌స్టేషనునకు, అనగా మనవారు ఎంజీబీఎస్ అను చోటికి. ఎఱుపును నీలమును అమీర్‌పేటలో కలియును. ఎఱుపును పచ్చయు ఎంజీబీఎస్‌లో. నీలమును పచ్చయు పరేడ్ గ్రౌండ్స్‌లో. ఈ మూడు కూడళ్లు జ్ఞాపకమున్న చాలును. తక్కిన స్టేషనుల పేర్లు రైలులోనే తెలుగున చెప్పుచుందురు. తలుపుపై పటమును ఉండును.

ఇక మన స్త్రీలు తప్పు చేయు తావు ఒక్కటే. “మా రైలు అమీర్‌పేటకు పోవునా?” అని అడిగెదరు. ఇటునుండి వచ్చు రైలును అమీర్‌పేటకే పోవును, అటునుండి వచ్చు రైలును అమీర్‌పేటకే పోవును. వినినవాడు ఏమి చెప్పును? రైలు నొసట వ్రాసియుండునది దాని చివరి స్టేషను పేరు. మనకు కావలసిన ఊరు ఏ చివరకు పోవు దారిలో నున్నదో ఆ చివరి పేరు పట్టుకొనవలెను. కూకట్‌పల్లిలో కూతురున్న గుడివాడ తల్లి “మియాపురపు రైలు” అని అడుగవలెను గాని కూకట్‌పల్లి రైలని కాదు. పడవరేవులు దాటిన దివిసీమవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు: పడవ యే రేవునకు పోవుచున్నదో తెలిసికొనియే గదా అందు కాలు పెట్టెడివారము.

మా మేనత్తగారి కథ యిచ్చట చెప్పవలెను. ఆమె నాగాయలంక సమీపమున నుండువారు. చెల్లెలు హైదరాబాదున గాంధీ ఆసుపత్రిలో చేరినదని తెలిసి పోయి, దిల్‌సుఖ్‌నగరులో కూతురింట దిగిరి. కూతురు పసిబిడ్డతో నుండెను. అల్లునికి సెలవు లేదు. మూడు దినములలో చెల్లెలిని చూచినది ఒక్కసారి. ఆటోవాడు చెప్పిన వెల విని ఆమె గుమ్మమునుండియే వెనుకకు మరలినారట. మేము అప్పుడా నగరముననే యుండుటచే, తోడుపోయి దారి చూపెదమని బయలుదేఱితిమి.

దారి సుళువైనదే. దిల్‌సుఖ్‌నగరులో మియాపురపు రైలెక్కి, మూసారాంబాగు, న్యూ మార్కెటు, మలక్‌పేట దాటి నాల్గవది ఎంజీబీఎస్. అచ్చట దిగి, పచ్చ మార్గమున జూబిలీ బస్‌స్టేషను రైలెక్కినచో సుల్తాన్‌బజారు, నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, ముషీరాబాదు దాటి ఆఱవది గాంధీ ఆసుపత్రి. ఇంత తెలిసియు మేము ఎంజీబీఎస్‌లో తప్పు చేసితిమి. అచ్చట దిగినవారిలో పెక్కుమంది బస్సులకై బయటికి పోవుచుండిరి. మేమును మూటలతో ఆ గుంపువెంట నడచి, టిక్కెట్టు ఇచ్చి గేటు దాటితిమి! మఱల లోపలికి రావలెనన్న క్రొత్త టిక్కెట్టు కొనక తప్పలేదు. మార్గము మాఱుటకు గేటు దాటనక్కఱ లేదు. లోపలనే మెట్లమీదుగనో, లిఫ్టులోనో రెండవ మార్గపు ప్లాటుఫారము చేరవలెను. మొదట కొన్న టిక్కెట్టే చివరివఱకు చెల్లును. గుంపు పోవు దిక్కున పోవుట తీర్థములో మంచిదేమో గాని యిచ్చట కాదు.

అంతటితో తీఱలేదు. గాంధీ ఆసుపత్రి స్టేషనులో బయటికి పోవు గేటునొద్ద మా యత్తగారు నిలిచిపోయిరి. టిక్కెట్టు బిళ్ళను ఆమె కొంగున ముడివేసికొనియుండిరి; ఆ ముడి రాదు. వెనుక వరుస పెరుగుచున్నది. “ఏమే అమ్మాయీ, ఆ బిళ్ళ ఇచ్చుకోకపోతే బయటికి పోనివ్వరుటే?” అని ఆమె అడుగగా, గేటునొద్దనున్న ఉద్యోగిని నవ్వుచు తానే ముడి విప్పినది. లోపలికి పోవునపుడు టిక్కెట్టు చూపవలెను. బయటికి వచ్చునపుడును ఇయ్యవలెను లేదా చూపవలెను. అది బిళ్ళయైనను, గడుల గుర్తు ముద్రించిన కాగితమైనను, ఫోనులోని గుర్తయినను అంతే. చేతికందు తావున నుంచుకొనుడు. ఫోనున్నవారు వాట్సాపులోనే టిక్కెట్టు తీసికొనవచ్చును; ఆ చదువు రానివారికి కౌంటరున్నది, అందు తెలుగున మాటాడువారున్నారు, సిగ్గుపడనేల?

వెలల విషయము. ఈ రైలునందు దూరమునుబట్టి వెల. 2017లో పది రూపాయలు మొదలు అఱువదివఱకుండెను. 2025 మే నెలలో హెచ్చించి, ఆ నెల 24వ తేదినుండి కొంత తగ్గింపుతో 11 రూపాయలు మొదలు 69 రూపాయలవఱకు నిర్ణయించిరి. ఎల్బీనగరునుండి మియాపురము, అనగా ఎఱ్ఱ మార్గము మొదటినుండి చివరకు, ఆ 69 రూపాయల ప్రయాణము. ఇంతకు మించి యెవ్వరైనను అడిగినచో అది మెట్రో వెల కాదు. మూడడుగుల యెత్తు లేని బిడ్డకు టిక్కెట్టక్కఱలేదు. అన్ని నగరములందును పద్ధతి యిదియే యనుకొనరాదు. న్యూయార్కు నగరపు భూగర్భరైలులో ఒక స్టేషను పోయినను ఊరి కొనవఱకు పోయినను వెల యొక్కటే; లండనులో నగరమును వలయములుగా విభజించి, ఎన్ని వలయములు దాటిన అంత. అమెరికాలో కూతురి పురిటికి పోవు మన సీమ తల్లులు మొదటి దినముననే ఈ ముక్క అడిగి తెలిసికొనుట మంచిది.

స్త్రీలకు ఉచితము గదా యని కొందఱడుగుదురు. ఇచ్చట చిక్కు రెండు విధములు. 2025 ఆగస్టు 15నుండి మన రాష్ట్రమున స్త్రీశక్తి పథకము క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు వెల లేదు. కావున అవనిగడ్డనుండి బెజవాడవఱకు ఆధారుకార్డు చూపి పోవచ్చును. కాని రాష్ట్రము దాటి హైదరాబాదు పోవు బస్సులకిది వర్తింపదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9నుండి మహాలక్ష్మి పథకమున్నది. అది తెలంగాణ వాసులకు మాత్రమే. మన కార్డుపై ఆంధ్రప్రదేశమని యుండును గనుక ఆ నగరపు బస్సులలో మనము వెల యిచ్చియే తీఱవలెను. కండక్టరుతో వాదించి ప్రయోజనము లేదు. అతని తప్పు లేదు. కూతురికి సున్న టిక్కెట్టు, తల్లికి డబ్బు టిక్కెట్టు ఒకే సీటున కూర్చున్నపుడు మనసు చివుక్కుమనుట నిజమే.

రెండవ చిక్కు పేరులోనిది. ఆ నగరమున “మెట్రో ఎక్స్‌ప్రెస్” అను బస్సులున్నవి. అవి అచ్చటి స్త్రీలకు ఉచితము. పొరుగింటి యావిడ “మెట్రోలో ఊరికే పోవచ్చును” అని చెప్పినచో ఆమె చెప్పునది ఆ బస్సును గూర్చియే. మెట్రోరైలులో ఏ రాష్ట్రపు స్త్రీకిని ఉచితము లేదు. కాని ఒక వసతి యున్నది: మూడు పెట్టెల రైలులో ఒక పెట్టెయందు కొంత భాగము స్త్రీలకే ప్రత్యేకించిరి. ఆ భాగము నిలుచు తావును ప్లాటుఫారముపై గుర్తులతో చూపుదురు. సాయంకాలపు రద్దీలో అందెక్కుటయే మేలు.

మన బస్సులు తెల్లవాఱుజామున నగరము చేరునపుడు మొదట తగులునది ఎల్బీనగరు. బెజవాడ దారిన వచ్చువారు ఎంజీబీఎస్‌వఱకు పోకున్నను ఇచ్చటనే దిగి ఎఱ్ఱ మార్గమెక్కవచ్చును. అయితే మొదటి రైలు ఆఱు గంటలకు గాని కదలదు. నాలుగున్నరకు దిగినవారు చీకటిలో ఒంటరిగా ఆటో బేరమునకు పోక, దీపములును జనమును ఉన్న తావున గంటన్నర కూర్చుండుట ఉత్తమమని మా యభిప్రాయము. రైలుబండిలో పోవువారు టిక్కెట్టుపై ఏ స్టేషనున్నదో చూచుకొనుడు. సికింద్రాబాదైనచో ఈస్ట్, వెస్ట్ అని రెండు మెట్రో స్టేషనులున్నవి. ఈస్ట్ నీలి మార్గముది, వెస్ట్ పచ్చ మార్గముది. చర్లపల్లి యైనచో అచ్చట మెట్రో లేదు. ఇంటివారికి ముందే తెలుపవలెను. ఉస్మానియా మెడికల్ కాలేజి యను స్టేషను కోఠిలోని కళాశాల పేరిటిది. ఉస్మానియా ఆసుపత్రి అఫ్జల్‌గంజిలో నున్నది. రోగిని చూడబోవువారు ఈ రెంటిని ఒకటిగా భావింపకుందురుగాక.

సామాను తనిఖీయందు మూటలన్నియు యంత్రములో పెట్టవలెను. స్త్రీలను తెరచాటున స్త్రీలే తనిఖీ చేయుదురు. జంకవలసిన పని లేదు. మంట అంటుకొను వస్తువులు కూడవు. కదలు మెట్లపై నిలిచినపుడు కుచ్చెళ్లు కొంచెము ఎత్తి పట్టుకొనుడు. అలవాటు లేనివారికి లిఫ్టు మేలు. ప్లాటుఫారముపై పసుపుపచ్చ గీతకు ఇవతలనే యుండవలెను. తలుపులు తామే మూసికొనును, ఎవ్వరికొఱకును నిలువవు. పిల్లలతో నలుగురైదుగురు పోవునపుడు ముందే యొక మాట అనుకొనవలెను: ఎవరైన క్రింద నిలిచిపోయినచో, ఎక్కినవారు తరువాతి స్టేషనులో దిగి కాచుకొనవలెను; నిలిచినవారు అదే దిక్కున పోవు తరువాతి రైలెక్కి రావలెను. ఇద్దఱును ఒకరినొకరు వెదకుచు ఎదురెదురు రైళ్లెక్కినచో ఆ పూట గడచినట్లే.

మా యత్తగారికి ఆ దినము తిరుగు దారిలో మేము పేర్లు వల్లె వేయింప జూచితిమి. ఆమె విసుగుకొని, “పేర్లు నాకెందుకే, లెక్క చెప్పు” అనిరి. పోవునపుడు నాలుగు, ఆఱు. వచ్చునపుడు ఆఱు, నాలుగు. వ్రేళ్ల కణుపులపై లెక్కించుకొనుచు, ప్రతి స్టేషనునకు బొటనవ్రేలు జరుపుచు కూర్చుండిరి. నడుమ గేటు దాటరాదని మఱి రెండుసార్లు చెప్పితిమి.

మఱునాడు మేము తోడు పోలేదు. మనసాగక పదింటినుండి ఫోను దగ్గఱ పెట్టుకొనియే యుంటిమి. మధ్యాహ్నము పండ్రెండున్నరకు మ్రోగినది. “అమ్మాయీ, దానికి చారన్నం పెట్టాను, రెండు ముద్దలు తింది. బిళ్ళ చేతిలోనే పట్టుకున్నాలే. సాయంత్రం దీపాలవేళకి వస్తాను, అల్లుణ్ణి ఎదురు పంపొద్దని అమ్మాయితో చెప్పు.”