పేపర్ పెట్టిన నర్సుతో పాటు ఏం వెళ్లిపోతుంది?

మా ఆఫీసులో ఎవరైనా పేపర్ పెడితే ఆ రోజు నుంచే వినిపించే మాట ‘కేటీ’. అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. నోటీస్ పీరియడ్ రెండు నెలలో, మూడు నెలలో ఉంటుంది. వెళ్లేవాడు తనకు తెలిసిందంతా డాక్యుమెంట్ రాయాలి, కాల్స్ పెట్టి కొత్తవాళ్లకు చూపించాలి, వాటిని రికార్డ్ కూడా చేయాలి. ఇంత హడావుడీ ఎందుకంటే, రేపు ఒక పేమెంట్ పేజీ పది నిమిషాలు ఆగిపోకూడదని.

మా పెద్దమ్మ కూతురు స్టాఫ్ నర్సు. కడప వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నాలుగేళ్లు చేసి మానేసింది. “నీ కేటీ ఎన్ని రోజులు జరిగిందక్కా?” అని అడిగితే నవ్వింది. “కేటీ లేదు, కాకరకాయా లేదు. పొద్దన్నే నైట్ డ్యూటీ దిగి, ఐడీ కార్డు హెచ్‌ఆర్ టేబుల్ మీద పెట్టి బస్సెక్కినారా.”

ఆ బస్సులో అక్కతో పాటు ఏమేం వెళ్లిపోయాయో చూడండి. వెంటిలేటర్ మోతల్లో ఏది వైరు కదిలి మోగిందో, ఏది పరిగెత్తాల్సిన మోతో చెవితోనే చెప్పగలదు. వాంతులు, విరేచనాలతో నీరసించి నరం దొరకని పసిబిడ్డకు క్యాన్యులా ఎక్కడ పెట్టాలో తెలుసు. రాత్రి మూడింటికి డాక్టర్‌ని నిద్ర లేపాలంటే మొదటి వాక్యం ఏం చెప్పాలో తెలుసు. ఇవేవీ కేస్ షీట్‌లో ఉండవు. ఆమె స్థానంలోకి చదువు అయిపోయి నెల కూడా కాని అమ్మాయి వచ్చిందట. వెంటిలేటర్ మీదున్న ఒక్కో పేషెంట్‌కి ఒక్కో నర్సు ఉండాలన్నది పుస్తకంలో మాట. మనిషి తగ్గిన రాత్రి ఆ లెక్క ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

చక్రం ఇక్కడే మొదలవుతుంది. ఒకరు మానేస్తే ఆ పేషెంట్లు మిగిలినవాళ్ల మీద పడతారు. కొత్తమ్మాయికి పని నేర్పాల్సింది కూడా వాళ్లే, అదీ అదే డ్యూటీలో. ఆరు నెలల్లో ఇంకో సీనియర్ అలసిపోయి మానేస్తుంది. ఇప్పుడు నేర్పించడానికి మిగిలింది ఎవరు? నిన్న నేర్చుకున్న అమ్మాయే.

బర్నౌట్ అనే మాటను మనం ఐటీవాళ్లం సోమవారం స్టేటస్‌లా వాడేస్తున్నాం గానీ, అది అసలు పుట్టింది వైద్యం చేసే చోటే. న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు 1974లో తనలో, తోటివాళ్లలో కనిపించినదానికి ఆ పేరు పెట్టి రాశాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని రోగం అనకుండా, పని వల్ల వచ్చే స్థితిగా లెక్కగట్టి మూడు గుర్తులు చెప్పింది. ఒళ్లూ మనసూ పూర్తిగా ఖాళీ అయిపోవడం, పని మీద దూరం పెరిగి విరక్తి రావడం, ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నానని అనిపించడం.

రెండోది ఎలా ఉంటుందో అక్క మాటల్లోనే వినండి. “పేషెంట్ పేరు నోటికి రాకుండా పోయిందిరా. ఆరో బెడ్డు, తొమ్మిదో బెడ్డు, అంతే. ఒకామె చనిపోయినప్పుడు నాకు ఫస్ట్ వచ్చిన ఆలోచన ఏందో తెల్సా, బెడ్ క్లీన్ చేపించల్ల అని. ఆ రోజే అనుకున్యా, ఇంక చాలని.”

ఇది నిద్రతో పోయే అలసట కాదు. నిద్ర కూడా సరిగ్గా దొరకదనుకోండి, అది వేరే సంగతి. రెసిడెంట్ డాక్టర్లకు మామూలుగా ఏకబిగిన 12 గంటలకు మించి డ్యూటీ వేయకూడదని కేంద్రం 1992లోనే రాసుకుంది. 2024లో జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ ఇంకోమాట చెప్పింది: రెసిడెంట్ డాక్టర్లకు వారానికి 74 గంటలు దాటకుండా చూడండి, ఒక రోజు సెలవివ్వండి, రోజుకు ఏడెనిమిది గంటలు నిద్రపోనివ్వండి అని. 2023లో నారాయణమూర్తి 70 గంటలు పని చేయమన్నప్పుడు మనం ఎన్ని మీమ్స్ పెట్టామో గుర్తుందా? జూనియర్ డాక్టర్లకు 74 గంటలన్నది ఊరట కోసం చేసిన సిఫార్సు.

పని నేర్పే విషయానికొద్దాం. డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు అప్పగించే హ్యాండోవర్, మన కేటీకి తమ్ముడి లాంటిది. రోజూ జరిగేదే కదా అని దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అమెరికా, కెనడాల్లోని 9 ఆసుపత్రుల్లో పిల్లల విభాగాల జూనియర్ డాక్టర్లకు దీన్ని పద్ధతి ప్రకారం నేర్పించి చూశారు. పేషెంట్ ఎంత సీరియస్, ఇప్పటిదాకా ఏం జరిగింది, ఇక చేయాల్సిందేమిటి, రాత్రికి ఏం తేడా రావచ్చు అన్నది ఒక వరసలో చెప్పాలి. విన్నవాళ్లు తిరిగి అప్పజెప్పాలి. దీనికి ఐ-పాస్ అని పేరు. 2014లో వచ్చిన ఫలితాల్లో వైద్యంలో పొరపాట్లు 23 శాతం తగ్గాయి. పైగా హ్యాండోవర్‌కు పట్టే టైమ్ పెరగలేదు. కొత్త మెషీన్ ఏదీ కొనలేదు, మాట్లాడే పద్ధతి నేర్పారు, అంతే.

అక్కకు ఐసీయూలో చేరినప్పుడు ఇచ్చిన ట్రైనింగ్ మూడు రోజులు. ఇప్పుడు జర్మన్ నేర్చుకుంటోంది. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి భాష కావాలి, దానికి నెలలు పడుతుంది. పాత కడప జిల్లాలో రాజంపేట, రాయచోటి వైపు కువైట్ వెళ్లడం కొత్త కాదు, ఇప్పుడు జర్మనీ కూడా ఆ లిస్టులో చేరింది. వెళ్లేవాళ్లను తప్పుపట్టే హక్కు బెంగళూరులో కూర్చుని కోడ్ రాసే నాకైతే లేదు. ఉండటానికి మూడు రోజుల ట్రైనింగ్, వెళ్లడానికి నెలల ట్రైనింగ్ అన్న లెక్క మాత్రం మింగుడుపడటం లేదు.

ఆసుపత్రి గోడలు దాటితే కథ ఇంకా చిక్కు. కర్నూలు పడమటి వైపు కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి పోతాయి. వానాధారం చేలల్లో పని అయిపోగానే ఇంటికి తాళం వేసి, పిల్లల్ని ఎత్తుకుని, మిరపకాయల కోతకు గుంటూరు వైపు బయల్దేరతారు. తొమ్మిది నెలల బిడ్డకు తట్టు టీకా వేయించాల్సిన రోజుకు ఆ బిడ్డ ఏ మిరప చేను పక్క గుడిసెలోనో ఉంటుంది. యూ-విన్ వచ్చాక టీకా ఏ ఊళ్లోనైనా వేయించుకోవచ్చు, నిజమే. కానీ ఆ బిడ్డ అక్కడుందని అక్కడి ఆశాకి చెప్పేదెవరు?

చెప్పగలిగేది ఊళ్లోని ఆశా కార్యకర్తే. ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుంది, ఎవరి మేస్త్రీ ఏ ఊరికి తీసుకెళ్తాడు, ఏ కోడలికి నెలలు నిండుతున్నాయి, ఎవరి ఫోన్‌కి చేస్తే ఎత్తుతారు, ఇవన్నీ ఆమె తలలో ఉంటాయి. యాప్‌లో వీటికి గడి ఉండదు. సర్వేకొకటి, గర్భిణులకొకటి, బీపీ షుగర్లకొకటి అని యాప్‌లు మాత్రం బోలెడు. ఒక గడిని తప్పనిసరి చేయడం మాలాంటి వాళ్లకు ఒక్క లైన్ కోడ్. సిగ్నల్ లేని ఊళ్లో, 42 డిగ్రీల ఎండలో, అది నింపితే తప్ప పేజీ కదలక నిలబడేది ఆమె. డ్యాష్‌బోర్డ్‌లో కనిపించేది ఎన్ని ఎంట్రీలు అయ్యాయన్న లెక్కే.

వాళ్ల పైన ఉండే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు 2025 ఏప్రిల్ చివర్లో రాష్ట్రమంతటా సమ్మెకు దిగారు. జీతం పెంచండి, ఉద్యోగం పర్మినెంట్ చేయండి అని అడిగారు. అదే ఏడాది మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఆశాలకు గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు, 62 ఏళ్ల దాకా కొనసాగే వీలు ప్రకటించింది. మంచి పని. ఎప్పుడో రావాల్సింది.

ఆ 62 దగ్గరే ఇంకో లెక్క ఉంది. ఆశా పథకం 2005లో మొదలైంది. చేరే వయసు 25 నుంచి 45 అని పెట్టారు. అంటే నలభై దాటి చేరినవాళ్లు రిటైర్ అయ్యే వయసుకు వచ్చేశారు, ముప్పైల్లో చేరినవాళ్లు వెనకే వస్తున్నారు. మొదటి తరం మొత్తం దిగిపోయే టైమ్ ఇది. ఎవరు ఎప్పుడు దిగుతారో తేదీతో సహా ముందే తెలుసు. అంత ముందుగా తెలిసిన నోటీస్ పీరియడ్ మా ఐటీలో కూడా దొరకదు. కొత్తావిడను ఆరు నెలలు ముందే తీసుకుని, ఇద్దరికీ డబ్బులిచ్చి, ఒక్క సుగ్గి సీజన్ పాతావిడ వెంట తిప్పితే, ఏ ఇంటికి ఎప్పుడు తాళం పడుతుందో ఆమెకూ తెలుస్తుంది.