చక్రం చెప్పే మాట

నాగాయలంక వైపు కృష్ణలో పడవ నడిపే మనిషికి నీళ్ళ అడుగున ఏమున్నదో కంటికి కనపడదు. అయినా ఒరవడి ఎటు లాగుతున్నదో, ఎక్కడ మళ్ళుతున్నదో అతనికి ముందే తెలుస్తుంది. ఎవరు చెప్పారు? చుక్కాని చెప్పింది. గుడివాడ దారిలో ఎడ్లబండి తోలిన పాతకాలపు రైతుకు పగ్గాలు చెప్పేవి. బందరు నుంచి అవనిగడ్డకు బస్సు తోలే డ్రైవరుకు స్టీరింగు చెబుతుంది. వాహనం ఏదైనా కానివ్వండి, మనం దానికి ఆజ్ఞ ఇచ్చే చోటే అది మనకు జవాబిచ్చే చోటు కూడా.

కారు పందేల ఆటలో ఈ జవాబే ఉండదు. ఫోను అటూ ఇటూ వంచి బస్సు నడిపే పిల్లవాడిని చూడండి. బస్సు గోతిలో పడ్డా, గట్టు ఎక్కినా వాడి చేతికి ఏమీ తెలియదు. కంటితో చూసి తెలుసుకోవలసిందే. ఈ లోటు తీర్చటానికే సిమ్యులేటరుకు స్టీరింగు చక్రమూ, దాని వెనుక ఒక మోటారూ వచ్చాయి. ఆ మోటారు మన చేతికి ఎదురు బలం ఇస్తుంది. దీన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటారు. బల్లకు బిగించిన చక్రం మలుపులో బరువెక్కుతుంది, గతుకులో అదురుతుంది, టైరు జారితే తేలికవుతుంది.

అయితే, వస్తువు కొని తెచ్చి బల్లకు బిగించినంత మాత్రాన అది నిజం చెబుతుందనుకోవటం పొరపాటు. వీణకు శ్రుతి ఎలాగో దీనికి సర్దుబాటు అలాగు. శ్రుతి లేని వీణ మీద సాధన చేస్తే చేతికి అపస్వరమే అలవాటవుతుంది.

జవాబు పుట్టే చోటు

నిజమైన కారులో మలుపు తిరిగి చేతులు కొంచెం వదులు చేస్తే స్టీరింగు దానంతట అదే మధ్యకు వస్తుంది. ఆస్పత్రులలో రోగులను తోసుకుపోయే బల్లల చిన్న చక్రాలను గమనించారా? బల్ల ఎటు పోతే చక్రం అటు తిరిగి దాని వెనుక నడుస్తుంది. కారు ముందు చక్రాలలోనూ ఇటువంటి అమరికే ఉన్నది. దానికి తోడు, మలుపులో నేలను తాకిన టైరు రబ్బరు మెలిపడి, మళ్ళీ తిన్నగా కావాలని పెనుగులాడుతుంది. ఈ రెండూ కలిసి మన చేతికి బరువుగా తెలుస్తాయి.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. వేగం పెరిగి మలుపు బిగిసేకొద్దీ ఈ బరువు పెరుగుతూ పోతుంది గాని, టైరు పట్టు తప్పే ముందు తగ్గటం మొదలుపెడుతుంది. అంటే పట్టు పూర్తిగా పోకమునుపే చక్రం తేలిక పడుతుంది. అది టైరు మనకు పంపే కబురు. అనుభవశాలి ఆ కబురు అందుకుని వెంటనే కాలు సడలిస్తాడు. కొత్తవాడు, చక్రం సులువుగా తిరుగుతున్నది గదా అని ఇంకాస్త తిప్పుతాడు. ఇద్దరికీ తేడా అంతా ఆ అరక్షణంలోనే ఉన్నది.

మంచి సిమ్యులేటరు ఆట ఈ లెక్కను సెకనుకు కొన్ని వందల సార్లు వేసి మోటారుకు పంపుతుంది. ఈ విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. 1976 లోనే సెగా కంపెనీ వారి మోటారు సైకిలు ఆటలో, బండి గుద్దుకుంటే హాండిలు అదిరేది. 1989 లో అటారీ వారి ‘హార్డ్ డ్రైవిన్’ యంత్రంలో తాళం చెవి, క్లచ్చి, ఎదురు బలం ఇచ్చే స్టీరింగు అన్నీ ఉండేవి. 1990ల చివరకు అటువంటి చక్రాలు ఇళ్ళకు వచ్చాయి.

మూడు రకాల యంత్రాలు

గుడివాడ రైసుమిల్లులో మోటారు నుంచి యంత్రానికి బెల్టు ఎలా పోతుందో చూసినవారికి ఈ చక్రాల తేడా ఇట్టే తెలుస్తుంది. మొదటి రకంలో మోటారుకూ చక్రానికీ నడుమ పళ్ళచక్రాలు ఉంటాయి. 2015 లో వచ్చిన లాజిటెక్ జి 29 ఈ జాతిది. ధర తక్కువ, మన్నిక ఎక్కువ, కాని కాస్త గరగర. రెండవ రకంలో బెల్టు ఉంటుంది. థ్రస్ట్‌మాస్టర్ టి 300 ఇటువంటిది. నడక నున్నన. మూడవ రకంలో మధ్యవర్తి ఎవరూ లేరు. మోటారు ఇరుసుకే స్టీరింగు తగిలించి ఉంటుంది. దీన్ని డైరెక్ట్ డ్రైవ్ అంటారు. 2021 లో ఫానాటెక్ వారి చిన్న డైరెక్ట్ డ్రైవ్ యంత్రం వచ్చిన తరువాత ఈ రకం మధ్యతరగతి ఆటగాళ్ళకూ పరిచయమయింది.

బలాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. ఒక మీటరు కర్ర కొసన సుమారు 100 గ్రాముల బరువు వ్రేలాడదీస్తే రెండవ కొసన పుట్టే మెలితిప్పు ఒక న్యూటన్ మీటరు. పళ్ళచక్రాల రకం సుమారు 2 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. 28 సెంటీమీటర్ల చక్రం అంచున అది కిలోన్నర బరువు లాగినట్టు ఉంటుంది. 8 న్యూటన్ మీటర్లయితే దాదాపు ఆరు కిలోలు. 20 అయితే పద్నాలుగు కిలోల పైమాట. చేతులు ఎవరివో చూసుకుని కొనండి మరి!

ముందు కోణం, తరువాత బలం

మొట్టమొదట సరిచేయవలసింది చక్రం తిరిగే కోణం. మామూలు కారు స్టీరింగు ఒక చివర నుంచి మరో చివరకు రెండున్నర నుంచి మూడు చుట్లు తిరుగుతుంది. అనగా 900 నుంచి 1080 డిగ్రీలు. ఫార్ములా పందెపు కారుకు దాదాపు ఒక చుట్టు చాలు. పెద్ద లారీలకు ఇంకా ఎక్కువ చుట్లు కావాలి. కంప్యూటరులో చక్రపు సెట్టింగు 900 అని పెట్టి, ఆటలో కూడా అదే అంకె వెయ్యండి. కారును బట్టి మిగతాది ఆటే చూసుకుంటుంది. పరీక్ష సులభం: చేతిలో చక్రాన్ని పావుచుట్టు తిప్పండి. తెరమీద బొమ్మచక్రం కూడా సరిగా పావుచుట్టే తిరగాలి. తేడా వచ్చిందా, తక్కినవి ముట్టుకోకుండా ముందు దానిని దిద్దండి.

ఇక బలం. కొత్త చక్రం కొన్న కుర్రవాళ్ళు చాలామంది దీన్ని చివరికంటా పెంచుతారు. ఎంత గట్టిగా లాగితే అంత నిజం అని వారి నమ్మకం. అది ఎందుకు తప్పో ఒక చిన్న లెక్క చెబుతుంది.

మీ చక్రం ఇవ్వగలిగింది 2 అనుకోండి. మామూలు మలుపులో ఆట 1 అడుగుతుంది, గట్టి మలుపులో 2 అడుగుతుంది. అంతవరకు చేతికి తేడా తెలుస్తున్నది. మీరు బలం రెట్టింపు చేశారు. మామూలు మలుపుకు 2, గట్టి మలుపుకు 4 అడుగుతుంది. మోటారు ఇచ్చేది మాత్రం రెంటికీ 2 మాత్రమే. ఇప్పుడు టైరు జారబోతూ ఆ 4 కాస్తా 3 అయింది. ఆ కబురు రావలసిన సమయమది! కాని మీ చేతిలో ఇంకా 2 అలాగే ఉన్నది. కబురు దారిలోనే ఆగిపోయింది. దీన్నే క్లిప్పింగు అంటారు. తిరునాళ్ళలో మైకు చివరికంటా పెంచితే పాట పగిలి మాట వినపడకుండా పోవటం లేదూ? ఇదీ అంతే.

2014 నాటి ‘అసెట్టో కోర్సా’ వంటి ఆటలలో బలాన్ని చూపే నిలువు గీత ఒకటి తెరమీద పెట్టుకోవచ్చు. బలం హద్దు దాటగానే అది ఎరుపెక్కుతుంది. మలుపు ఆసాంతం ఎర్రగానే ఉంటే బలం తగ్గించండి. అంచురాళ్ళు ఎక్కినప్పుడో, బాగా బిగువైన మలుపులోనో ఒక్కసారి మెరిసి పోతే సరిపోయిందన్నమాట. బలం చిన్నదైన యంత్రానికి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

ఉప్పూ కారం

పళ్ళచక్రాల యంత్రంలో నడిమధ్యన కొంత వదులు ఉంటుంది. రాపిడి వలన చిన్న చిన్న బలాలు చేతిదాకా రావు. దానికి ‘కనీస బలం’ అనే సర్దుబాటు ఉన్నది. సున్నా నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ, ఆ వదులు పోయిన చోట ఆపాలి. తిన్నని దారిలో చేతులు తీస్తే చక్రం తనంతట తాను అటూ ఇటూ ఊగుతున్నదా, హద్దు మీరారన్నమాట. డైరెక్ట్ డ్రైవ్‌కు ఇది చాలావరకు సున్నా ఉండాలి.

మధ్యకు లాగే స్ప్రింగు సర్దుబాటు ఒకటి ఉంటుంది. టైరు లెక్క చేసే ఆటలలో దీనిని తీసివేయాలి. లేకపోతే టైరు చెప్పే మాటకూ స్ప్రింగు చెప్పే మాటకూ తేడా తెలియదు. డాంపరు చక్రానికి బరువు తెస్తుంది. కొంచెం అయితే హుందా, ఎక్కువైతే చిక్కటి అంబలిలో గరిటె తిప్పినట్టే. నునుపు చేసే ఫిల్టరు గరగరను పోగొడుతుంది గాని, పెంచేకొద్దీ కబురును మొద్దుబారుస్తుంది.

ఇక రోడ్డు అదురు, అంచురాళ్ళ అదురు, జారుడు అదురు అని విడివిడిగా ఉంటాయి. ఇవి వంటలో ఉప్పూ కారం వంటివి. చిటికెడు వేస్తే రుచి. గుప్పెడు పోస్తే అసలు కూర ఏదో తెలియదు.

ఒకసారి ఒకే సర్దుబాటు మార్చండి. అదే కారు, అదే దారి, అయిదు చుట్లు. తరువాత అంకెలు ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోండి. నాలుగు ఒక్కసారే మార్చినవాడికి ఏది పనిచేసిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

అమ్మలకు నాలుగు మాటలు

అబ్బాయి కూర్చునే తీరు చూడండి. వీపు కుర్చీకి ఆనాలి, మోచేతులు కొంచెం వంగి ఉండాలి, చక్రం మధ్యభాగం గొంతు కన్న పైకి రాకూడదు. బల్ల కదిలితే చక్రం చెప్పేది సగం బల్లకే పోతుంది. బలమైన యంత్రమయితే బొటనవేళ్ళు చక్రపు కమ్ముల నడుమ దూర్చరాదు. గోడకు గుద్దిన క్షణంలో చక్రం గిర్రున తిరిగితే వేలు బెణుకుతుంది, ఒక్కొక్కప్పుడు విరుగుతుంది కూడా. చిన్నపిల్లలు కూర్చునేటప్పుడు బలం బాగా తగ్గించాలి. మణికట్టు నొప్పి పెడుతున్నదంటే అది నైపుణ్యానికి గుర్తు కాదు, ఆపమని హెచ్చరిక. బందరు, దివిసీమలలో ఉప్పుగాలి ఎక్కువ గనుక, పని అయిన తరువాత చక్రం మీదా పెడళ్ళ మీదా ఒక పొడిగుడ్డ కప్పటం మేలు.

ఆట అసలుకు పనికి వస్తుందా?

వస్తుంది. 2008 లో మొదలయిన జి. టి. అకాడమీ పోటీలలో ఆటలో గెలిచినవారిని పిలిచి నిజమైన కార్లు ఇచ్చారు. 2011 లో గెలిచిన జాన్ మార్డెన్‌బరో తరువాత ఫ్రాన్సులో 24 గంటల లె మాన్ పందెంలో నడిపాడు. అతని కథే 2023 లో సినిమాగా వచ్చింది. మన తెలుగు గడ్డ మీద 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుసేన్ సాగరు పక్క వీథులలో ఫార్ములా ఇ విద్యుత్తు కార్ల పందెం జరిగింది. ఫ్రెంచివాడు జాన్ ఎరిక్ వేర్న్ గెలిచాడు. నగరపు వీథులలో ముందుగా నడిపి చూసే వీలు ఉండదు గనుక, ఇటువంటి పందేలకు సిమ్యులేటరే తాలింఖానా. మరుసటి ఏటి పందెం రద్దయింది గాని, ఆ రోజు చూసినవారికి అది గుర్తుండిపోయింది. పూనా నుంచి హైదరాబాదు మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి ముగిసేది మన బందరులోనే కదా!

మన దేశంలో 2021 జూలై నుంచి అమలుకు వచ్చిన నిబంధనల ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు పొందదలచిన డ్రైవింగు శిక్షణ కేంద్రాలలో సిమ్యులేటరు ఉండి తీరాలి. దానితోపాటు నిజమైన ట్రాకు కూడా ఉండాలి. ఈ రెండవ మాట మరచిపోరాదు.

కాలువగట్టు మీద

ఎందుకంటే, మన సీమ దారులు వేరు. 1855 లో బెజవాడ ఆనకట్ట పూర్తి అయిన నాటి నుంచి డెల్టా అంతటా కాలువలు సాగాయి, కాలువలతో గట్లు సాగాయి, గట్ల మీద దారులు సాగాయి. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క పొలం. వాన కురిస్తే నల్లరేగడి మట్టి ట్రాక్టరు చక్రాలకు అంటుకుని తారురోడ్డు మీదికి వచ్చి సబ్బులా పరుచుకుంటుంది. కారు కాలువలోకి పోయిందన్న వార్త మనకు కొత్తది కాదు.

ఆ తడిరోడ్డు మీద స్టీరింగు హఠాత్తుగా తేలిక పడిందంటే, టైరుకూ రోడ్డుకూ నడుమ నీరో బురదో చేరిందని అర్థం. అప్పుడు చక్రం ఇంకా తిప్పరాదు. బ్రేకు గట్టిగా తొక్కరాదు. ఆక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీసి, చక్రం కొద్దిగా తిన్నగా చేసి, బరువు తిరిగి చేతికి వచ్చేదాకా ఆగాలి. సర్దుబాటు సరిగా ఉన్న సిమ్యులేటరు మీద ఈ తేలికదనాన్ని వందసార్లు గుర్తుపట్టిన చేతికి ఇది కొంత అలవాటు కాగలదు. బలం చివరికంటా పెంచుకుని ఆడిన చేతికి ఆ కబురు ఒక్కసారి కూడా అంది ఉండదు.

అయినా సిమ్యులేటరు చెప్పలేనివి చాలా ఉన్నాయి. కుర్చీలో నడుముకు తెలిసే ఊపు అది ఇవ్వదు. గడ్డిమోపు చాటు నుంచి వచ్చే గేదెను, స్కూలు సైకిళ్ళ గుంపును అది చూపదు. గోడకు గుద్దితే ఒక మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. రోడ్డు మీద ఆ మీట లేదు. కనుక పద్దెనిమిదేళ్ళు నిండి లైసెన్సు చేతికి వచ్చేదాకా అబ్బాయి కారు తాళాలు నాన్నగారి జేబులోనే ఉండటం క్షేమం. వచ్చిన తరువాత మొదటి వానాకాలం ఆయనో, అనుభవం ఉన్న మరొకరో పక్క సీటులో కూర్చుంటే ఇంకా క్షేమం.