గ్రూపు ఎంచుకోవడానికి ముందు

రెండు తెలుగు రాష్ట్రాల నిరుద్యోగ యువతకు నంద్యాల పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది బ్యాంకు కోచింగ్. దూరపు జిల్లాల నుంచి వచ్చిన పట్టభద్రులు ఈ పట్టణంలో గదులు అద్దెకు తీసుకొని, మెస్సుల్లో భోంచేస్తూ, క్లర్కు, ప్రొబేషనరీ ఆఫీసరు పరీక్షల కోసం నెలల తరబడి అంకగణితం, రీజనింగ్, ఇంగ్లీషు సాధన చేస్తుంటారు. స్టేట్ బ్యాంకు మినహా మిగిలిన ప్రభుత్వ రంగ బ్యాంకులకు 2011లో ఐబీపీఎస్ అనే ఎంపిక సంస్థ ఉమ్మడి రాతపరీక్ష ప్రవేశపెట్టింది. ఈ పరీక్షకు కావలసిన అర్హత ఏదైనా ఒక డిగ్రీ మాత్రమే కావడం వల్ల, బీఏ, బీకాం చదివినవారి పక్కనే నాలుగేళ్ల ఇంజనీరింగ్ పూర్తిచేసినవారూ అదే బెంచీ మీద కూర్చొని అవే లెక్కలు చేయడం ఇక్కడ సర్వసాధారణం. బ్యాంకు ఉద్యోగాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. అది జిల్లాలో వేల కుటుంబాలు కోరుకునే స్థిరమైన జీవనోపాధి. అయితే ఇరవై రెండేళ్ల వయసులో తెలిసివచ్చిన ఈ దారి పదిహేనేళ్ల వయసులోనే తెలిసి ఉంటే, ఆ నాలుగేళ్ల ఫీజునూ శ్రమనూ ఎలా వాడుకోవాలో కుటుంబం మరోలా ఆలోచించి ఉండేదేమో అన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. ఉన్నత పాఠశాలలో చదువుతున్న పిల్లలకు కళాశాలలనూ వృత్తులనూ పరిచయం చేయడం అనే పనికి అసలు అవసరం ఇక్కడే కనిపిస్తుంది.

ప్రస్తుతం పదో తరగతి తరువాత ఏం చదవాలన్న నిర్ణయం జరిగే తీరు చాలా తొందరతో కూడినది. పదో తరగతి పరీక్షలు ముగిసి ఫలితాలు వెలువడే లోపలే, కొన్నిచోట్ల పరీక్షలకు ముందే, ప్రైవేటు జూనియర్ కళాశాలల ప్రతినిధులు ఇళ్లకు వచ్చి ఫీజులో రాయితీ మాట్లాడి సీటు ఖాయం చేసుకొని వెళతారు. అప్పుడు అడిగే ప్రశ్న ఒక్కటే, ‘అబ్బాయికి ఏ గ్రూపు?’ అని. గ్రూపు అంటే ఇంటర్మీడియట్‌లో కలిపి చదివే ఐచ్ఛిక విషయాల కూర్పు. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు కలిస్తే ఎంపీసీ, గణితం స్థానంలో జీవశాస్త్రాలు వస్తే బైపీసీ, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, వాణిజ్యంతో సీఈసీ, వాణిజ్యం స్థానంలో చరిత్ర వస్తే హెచ్‌ఈసీ, గణితం, అర్థశాస్త్రం, వాణిజ్యం కలిస్తే ఎంఈసీ. తెరిచే తలుపుల గురించి అందరూ చెబుతారు గాని, ఏ గ్రూపు ఏ తలుపు మూస్తుందో చెప్పేవారు తక్కువ. సీఈసీ చదివిన విద్యార్థికి ఇంజనీరింగ్ దారి మూసుకుపోతుంది. ఎంపీసీ చదివినవారికి న్యాయశాస్త్రం, వాణిజ్యం, సివిల్స్ దారులు తెరిచే ఉంటాయి. బైపీసీ చదివినవారికి వైద్య ప్రవేశపరీక్ష నీట్‌లో ర్యాంకు రానంత మాత్రాన వ్యవసాయం, నర్సింగ్, ఫార్మసీ చదువులు దూరం కావు. గణితాన్నీ జీవశాస్త్రాన్నీ రెండింటినీ వదులుకోలేని పిల్లల కోసం ఇంటర్మీడియట్ బోర్డు 2025-26 నుంచి ఎంబైపీసీ అనే కూర్పును తెచ్చింది. ఈ ఒక్క మార్పు గురించి ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే తెలిసిన పిల్లలకూ, చేరే రోజు దరఖాస్తులో చూసిన పిల్లలకూ చాలా తేడా ఉంటుంది.

వృత్తి ఎంపికలో యువతకు సహాయం చేయడాన్ని ఒక శాస్త్రంగా తీర్చిదిద్దినవారిలో మొదట చెప్పుకోవలసినవాడు అమెరికాకు చెందిన ఫ్రాంక్ పార్సన్స్. ఆయన 1908లో బోస్టన్ నగరంలో వృత్తి సలహా కేంద్రాన్ని నెలకొల్పాడు. ఆయన మరణానంతరం 1909లో వెలువడిన పుస్తకంలో మూడు మెట్లు చెప్పాడు: తన శక్తినీ అభిరుచినీ తాను తెలుసుకోవడం, వృత్తుల స్వరూపాన్నీ షరతులనూ తెలుసుకోవడం, ఈ రెండింటినీ పొసగేలా ఆలోచించడం. స్వతంత్ర భారతదేశంలో 1952-53 నాటి మొదలియార్ కమిషన్, 1964-66 నాటి కొఠారీ కమిషన్ పాఠశాలల్లో ఈ మార్గదర్శనం ఉండాలని సూచించాయి. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలు పుస్తకాల సంచి లేకుండా పది రోజులు స్థానిక వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల దగ్గర పని చూడాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యునిసెఫ్ సహకారంతో 2020లో కెరీర్ పోర్టల్‌ను కూడా ప్రారంభించింది. సూచనలకు, పత్రాలకు కొదవ లేదని దీన్నిబట్టి అర్థమవుతుంది. పార్సన్స్ చెప్పిన మూడు మెట్లలో మొదటిదానికి అభిరుచి పరీక్షలు, మూడోదానికి పెద్దల సలహాలు ఎంతో కొంత దొరుకుతున్నా, వృత్తుల స్వరూపాన్ని దగ్గర నుంచి చూపించే రెండో మెట్టు దాదాపు ఖాళీగానే ఉంది. డాక్టరు, ఇంజనీరు, టీచరు, పోలీసు, కలెక్టరు తప్ప ఆరో పేరు చెప్పలేని విద్యార్థికి అభిరుచి పరీక్ష పెట్టి ప్రయోజనం ఏమిటి?

ఆ మెట్టు నింపడానికి నంద్యాల జిల్లా దాటి వెళ్లనవసరం లేదు. నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నాటిది. అమెరికన్ పత్తిలో ‘నరసింహ’, కొర్రలో ‘సూర్యనంది’ ఇక్కడి నుంచే రైతుల పొలాలకు చేరాయి. ఇక్కడ రూపొందిన ఎన్‌బీఈజీ-47 అనే శెనగ రకాన్ని ఉదాహరణగా తీసుకుంటే ఒక పంట వెనుక ఎన్ని వృత్తులు ఉంటాయో స్పష్టమవుతుంది. మామూలు శెనగ మొక్క పొట్టిగా, పక్కలకు పరుచుకొని, కాయలు నేలకు దగ్గరగా కాయడం వల్ల కోతయంత్రం పళ్లకు అందదు. కూలీల ఖర్చు ఏటా పెరుగుతున్న నల్లరేగడి ప్రాంతంలో ఇది పెద్ద చిక్కు. నిటారుగా ఎదిగి, కాయలు నేలకు కొంత ఎత్తున కాసేలా శాస్త్రవేత్తలు ఈ రకాన్ని రూపొందించడంతో యంత్రంతో కోయడం వీలైంది. ఈ ఒక్క పంట చుట్టూ సంకరణం చేసే ప్రజనన శాస్త్రవేత్త, వరుసల దూరాన్ని నిర్ణయించే సేద్య శాస్త్రవేత్త, విత్తనం స్వచ్ఛతను ధ్రువీకరించే అధికారి, కోతయంత్రాన్ని నడిపేవాడు, దాన్ని బాగుచేసే మెకానిక్కు, గోదాములో తేమ శాతం చూసేవాడు, పంట రుణం మంజూరు చేసే బ్యాంకు అధికారి, ఇంతమంది పనిచేస్తారు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల రైతు ఇంటి పిల్లవాడు రోజూ చూసే పొలం గట్టు మీదే ఇన్ని ఉద్యోగాలు నిలబడి ఉన్నా, వ్యవసాయం అంటే చదువు రానివారి పని అన్న మాటే ఇంట్లోనూ బడిలోనూ వినబడుతుంది. అదే జిల్లాలోని మహానందిలో 1991 నుంచి ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన వ్యవసాయ కళాశాల ఉంది. బైపీసీ తరువాత ఇక్కడ నాలుగేళ్ల బీఎస్సీ వ్యవసాయ కోర్సులో చేరవచ్చు. పల్లెల్లో చదివిన, సేద్యపు భూమి ఉన్న కుటుంబాల పిల్లలకు రైతు కోటా కింద కొన్ని సీట్లు ప్రత్యేకంగా కేటాయిస్తారు. పదో తరగతితోనే చేరగల రెండేళ్ల వ్యవసాయ డిప్లొమాలను కూడా ఈ విశ్వవిద్యాలయం నడుపుతోంది.

ఆళ్లగడ్డ విషయానికి వస్తే, అక్కడి శిల్పుల గురించి చెప్పకుండా వృత్తుల మాట పూర్తికాదు. దేవాలయ విగ్రహాలూ నాయకుల శిలావిగ్రహాలూ చెక్కి దూర ప్రాంతాలకు పంపే ఈ పట్టణంలో ఉలి పట్టడం తండ్రి నుంచి కొడుక్కు అందుతూ వచ్చిన పని. చదువుకున్న కొడుకు ఉలి వదిలేయాలన్నది చాలా ఇళ్లలో అలిఖిత నియమం. ఆ నియమం వెనుక రాతి దుమ్ము, రాబడిలో నిలకడ లేకపోవడం వంటి న్యాయమైన కారణాలు ఉన్నాయి. కానీ ఉలికీ చదువుకూ మధ్య ఏదో ఒకటే ఎంచుకోవాలన్న లెక్క సరైనది కాదు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం 1960 నుంచి సంప్రదాయ శిల్పకళా శిక్షణ సంస్థను నడుపుతోంది. పదో తరగతి పాసైనవారికి ఆలయ నిర్మాణం, శిలాశిల్పం, సుధాశిల్పం, లోహశిల్పం, దారుశిల్పం, సంప్రదాయ చిత్రకళల్లో నాలుగేళ్ల డిప్లొమా ఇక్కడ లభిస్తుంది. సుధాశిల్పం అంటే గోపురాల మీద సున్నం, సిమెంటు వంటివాటితో మలిచే బొమ్మల పని. ఇంటర్ తరువాత లలితకళలు, వాస్తుశిల్పం పట్టాగా చదవదలచినవారికి కడపలో 2020లో ఏర్పడిన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. ఇంట్లో నేర్చిన చేతిపనికి కొలతల శాస్త్రం, డిజైను, ఆలయ పునరుద్ధరణ పరిజ్ఞానం తోడైన యువకుడి ముందు తండ్రికి లేని దారులు కొన్ని ఉంటాయన్న సంగతి ఆళ్లగడ్డ పాఠశాలల్లో తప్పక చెప్పవలసినది.

విద్యుత్తు, ఆరోగ్యం అనే రెండు రంగాల్లో జిల్లాలో ఉన్న అవకాశాలను పిల్లలకు చూపడం మరీ తేలిక. శ్రీశైలం కుడిగట్టు జలవిద్యుత్ కేంద్రం, పాణ్యం మండలంలోని పిన్నాపురం పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు ఈ జిల్లాలోనివే. పంప్డ్ స్టోరేజీ అంటే విద్యుత్తు మిగులుగా ఉన్న వేళ నీటిని కింది జలాశయం నుంచి పైదానికి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి తిరిగి విద్యుత్తు తీసే పద్ధతి. ఇటువంటి చోట్ల ఇంజనీర్లకంటే డిప్లొమా, ఐటీఐ చదివినవారి అవసరమే ఎక్కువ. నంద్యాలలో ఈఎస్‌సీ ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది; పదో తరగతి తరువాత పాలీసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చదివితే, ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరే వీలుంది. ఐటీఐ చదివినవారు కూడా నిర్ణీత పరీక్షతో డిప్లొమాలోకి రావచ్చు. అంటే మెట్టుమెట్టుగా పైకి వెళ్లే ఈ దారిలో మధ్యలో సంపాదన మొదలుపెట్టి, తరువాత మళ్లీ చదువు అందుకోవచ్చు. పేద కుటుంబానికి ఇది ఎంత సౌకర్యమో వేరే చెప్పనక్కరలేదు. ఆరోగ్య రంగంలో శాంతిరాం వైద్య కళాశాలకు తోడు 2023లో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా నంద్యాలలో ప్రారంభమైంది. ఆ సీట్ల గురించి జరిగిన చర్చలో పదో వంతైనా, ప్రతి ఆసుపత్రికీ కావలసిన నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, రేడియాలజీ, అనస్థీషియా సహాయకుల గురించి జరగలేదు.

మంచి మార్కులున్న గ్రామీణ విద్యార్థికి పదో తరగతి తరువాత ఇంకొక ప్రత్యేక దారి ఆర్జీయూకేటీ. 2008లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయపు ఆర్కే వ్యాలీ ప్రాంగణం కడప జిల్లా ఇడుపులపాయలో ఉంది. పదో తరగతి మార్కుల ఆధారంగా చేర్చుకొని ఆరేళ్లలో ఇంటర్ స్థాయినీ బీటెక్‌నూ కలిపి పూర్తిచేయిస్తారు. దీనికన్నా ముందే, ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్షలో ఎంపికైన ప్రభుత్వ పాఠశాల పిల్లలకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి రూ.12,000 కేంద్ర ఉపకార వేతనం అందుతుంది.

కళాశాలను అంచనా వేయడం నేర్పడం ఈ పరిచయంలో రెండో భాగం. ఫ్లెక్సీ బోర్డు మీది ర్యాంకర్ల ఫొటోలు కళాశాల గురించి చెప్పేది స్వల్పం. ఆ ర్యాంకు అదే శాఖలో చదివినవారిదా, మరో ఊరిలోని శాఖలో చదివినవారిదా అన్నది కూడా ఆ బోర్డు చెప్పదు. ఇంజనీరింగ్ విషయంలో రెండు ముద్రల తేడా తెలియాలి. న్యాక్ గ్రేడు కళాశాల మొత్తానికి ఇస్తారు. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కొక్క బ్రాంచికి విడిగా ఇస్తారు కాబట్టి, కళాశాలకు ఎన్‌బీఏ ఉందా అని కాక, చేరబోయే బ్రాంచికి ఉందా, ఏ సంవత్సరం వరకు ఉంది అని అడగాలి. ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష అయిన ఈఏపీసెట్ కన్వీనర్ ప్రకటించే గత ఏడాది చివరి ర్యాంకుల పట్టికలో కళాశాల, బ్రాంచి, సామాజిక వర్గం, బాలురు లేదా బాలికలు అనే వరుసల్లో సీటు దక్కిన ఆఖరి ర్యాంకు ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లల చేత ఈ పట్టికలో నంద్యాలలోని ఆర్జీఎం వంటి ఒక కళాశాలను వెతికించి, సివిల్‌కూ కంప్యూటర్ సైన్సుకూ ఉన్న ర్యాంకుల దూరాన్ని చదివిస్తే, అది గణిత పాఠంగానూ లోకజ్ఞానంగానూ ఉపయోగపడుతుంది. కళాశాలల ప్రాధాన్య క్రమాన్ని తెలిపే వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు దక్కుతుందనుకున్నది కాక కావలసినది ముందు రాయాలన్న చిన్న సూత్రం తెలియక సీట్లు చేజార్చుకునేవారు ఉన్నారు. ర్యాంకు ఆధారంగా, అంటే కన్వీనర్ కోటాలో చేరినవారికే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందన్నది మేనేజ్‌మెంట్ కోటాకు తొందరపడే తల్లిదండ్రులు ముందే తెలుసుకోవలసిన విషయం.

ఆడపిల్లల విషయంలో ఈ లెక్కలన్నింటికంటే ముందు దూరం వచ్చి కూర్చుంటుంది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లే అయినా, బస్సు వేళ, హాస్టల్ భద్రత, పెళ్లి ఆలోచన కలిసి చాలా ఇళ్లలో కోర్సును నిర్ణయిస్తాయి. అందుచేత విద్యార్థినిని ఒక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పే సలహా సగమే పనిచేస్తుంది. తల్లిని కూడా పిలిచి, అదే ఊరి నుంచి అదే హాస్టల్లో ఉండి చదివిన అక్క చేత మాట్లాడించినప్పుడు మిగిలిన సగం కదులుతుంది. పూర్వ విద్యార్థినుల వివరాలు ప్రతి ఉన్నత పాఠశాల రిజిస్టర్లలోనే ఉంటాయి. వాటిని తిరగేయడానికి ప్రత్యేక నిధులు అక్కరలేదు.

ఇక చివరగా కాగితాల సంగతి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం కళాశాలల సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులకు దక్కుతాయి. నంద్యాల జిల్లా పిల్లలకు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం, అంటే రాయలసీమ, నెల్లూరు ఉమ్మడి జిల్లాలు, స్థానిక ప్రాంతం అవుతుంది. ఈ హక్కు పుట్టిన ఊరిని బట్టి కాక ప్రధానంగా చదివిన ప్రాంతాన్ని బట్టి వస్తుంది కాబట్టి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు చూపవలసి ఉంటుంది. మధ్యలో హైదరాబాదులోనో బెంగళూరులోనో చదివి వచ్చిన పిల్లల ఇళ్లలో గడువుకు ముందురోజు హడావుడి పడేది ఈ కాగితాల కోసమే. రైతు కోటాకు భూమి పత్రాలు, పల్లెలో చదివినట్లు ధ్రువపత్రాలు కావాలి. కుల, ఆదాయ ధ్రువీకరణలకు గ్రామ లేదా వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టాలి. పదో తరగతి మొదలయ్యే జూన్‌లోనే ప్రధానోపాధ్యాయులు ఒక కవరు ఇచ్చి, నెలకొక కాగితం అందులో చేర్పించగలిగితే, మే నెల ఎండల్లో మీసేవ, సచివాలయాల ముందు నిలబడే రోజులు చాలావరకు తగ్గుతాయి.